సంకీర్ణం వచ్చాక మాట ఎక్కడ మారింది? నాలుగో పాఠం: మూడు కాగితాలు పక్కపక్కన

మూడో పాఠంలో ఒక్కో అంశానికి ఒక్కో పేజీ కేటాయించి, పోలింగుకు ముందు పార్టీలు అన్న మాటల్ని యథాతథంగా ఎలా రాసుకోవాలో చూశాం. ఇప్పుడు లెక్కింపు అయిపోయింది. ఎవరికీ సొంతంగా మెజారిటీ రాలేదు. నిన్నటిదాకా ఒకరినొకరు దుమ్మెత్తిపోసుకున్న పార్టీలు ఒకే వేదిక మీద ప్రమాణం చేశాయి. "ప్లేటు ఫిరాయించారు" అన్న మాట ఆ సాయంత్రమే మొదలవుతుంది. అది నిజమో కాదో, నిజమైతే ఏ రోజున ఏ పదంలో జరిగిందో తేల్చడమే ఈ పాఠం.

ఇందుకు మూడు కాగితాలు కావాలి. ఒకటి, ఎన్నికల ముందు మాట. రెండు, సంకీర్ణ ఒప్పందం. దీన్ని మన దగ్గర కనీస ఉమ్మడి కార్యక్రమం అంటాం. మూడు, సభలో వేసిన ఓటు. ఈ మూడూ పక్కపక్కన పెట్టకుండా తీర్పు చెప్పొద్దు. టీవీ చర్చలు, ప్రెస్‌మీట్లు, ట్వీట్లు నాలుగో కాగితం మీదకు వెళ్తాయి. అవి వివరణకే తప్ప సాక్ష్యానికి పనికిరావు.

మొదట పేజీ గీసుకోండి

నోట్‌బుక్ పేజీని అడ్డంగా తిప్పి ఆరు గడులు గీయండి: తేదీ, ఎవరు, ఏ హోదాలో, అన్న వాక్యం, అందులోని క్రియ, షరతు. వాక్యాన్ని మీ మాటల్లోకి మార్చొద్దు. క్రియ కింద గీత పెట్టండి. షరతు ఉంటే ("అధికారంలోకి వస్తే", "నిధులు అనుకూలిస్తే") దాన్ని విడిగా ఆరో గడిలోకి తీయండి. చాలామంది ఈ గడిని ఖాళీగా వదిలేస్తారు, తర్వాత గొడవంతా అక్కడే వస్తుంది.

మేనిఫెస్టో కాపీని పోలింగుకు ముందే దించుకుని, ఫైలు పేరులో తేదీ పెట్టుకోండి. ప్రభుత్వం ఏర్పడ్డాక పార్టీ వెబ్‌సైట్లు కొత్త రూపు తెచ్చుకుంటాయి, పాత పేజీలు మాయమవుతాయి. ఆలస్యమైతే పాత వెబ్ పేజీల్ని భద్రపరిచే వేబ్యాక్ మెషీన్‌లో వెతకండి. దొరికిన ప్రతి రూపంతో పాటు అది భద్రమైన తేదీ కూడా రాసుకోండి.

అంశాలు ఎనిమిదికి మించి పెట్టుకోవద్దు. ముప్పై అంశాలతో మొదలుపెట్టిన నోట్‌బుక్ రెండో నెలకే ఆగిపోతుంది. తర్వాత ఎవరు అడిగినా చెప్పడానికి ఏమీ మిగలదు.

క్రియకు మార్కులు

హామీ బరువు క్రియలో ఉంటుంది. "చేస్తాం" అంటే 5. "చర్యలు తీసుకుంటాం" అంటే 4. "కృషి చేస్తాం" అంటే 3. "పరిశీలిస్తాం" అంటే 2. "కమిటీ వేస్తాం" అంటే 1. వ్యతిరేకతకూ ఇలాగే: "ఒప్పుకునే ప్రసక్తే లేదు" 5, "వ్యతిరేకిస్తాం" 4, "అభ్యంతరాలున్నాయి" 2. ఈ అంకెలు మనం పెట్టుకున్న కొలబద్ద మాత్రమే. ముఖ్యమైన నియమం ఒకటే: ముందు మాటకూ ఒప్పందానికీ ఒకే కొలబద్ద వాడాలి, అది కూడా ఒకే మనిషి వాడాలి. ఇద్దరు కలిసి పనిచేస్తుంటే విడివిడిగా మార్కులు వేసి, తేడా వచ్చిన వాక్యాల్ని మళ్లీ చదవండి.

ఉదాహరణకు 2004 మే నెలలో యూపీఏ విడుదల చేసిన కనీస ఉమ్మడి కార్యక్రమంలో తెలంగాణ గురించి ఒకే వాక్యం ఉంది. తగిన సంప్రదింపులు, ఏకాభిప్రాయం తర్వాత, సముచిత సమయంలో రాష్ట్ర ఏర్పాటు డిమాండును పరిశీలిస్తామన్నది దాని సారాంశం. విడదీసి చూడండి. క్రియ "పరిశీలిస్తుంది", అంటే 2. పరిశీలించేది రాష్ట్ర ఏర్పాటును కాదు, "డిమాండు"ను. దాని చుట్టూ మూడు షరతులు: సంప్రదింపులు, ఏకాభిప్రాయం, సముచిత సమయం. ఏకాభిప్రాయం ఎవరెవరి మధ్య, సముచిత సమయం ఎప్పుడు, అది తేల్చేదెవరు అనే వాటిలో ఒక్కదానికీ ఆ వాక్యంలో జవాబు లేదు. రాష్ట్రం కోసమే పుట్టిన పార్టీకి ముందు మాట 5. ఆ పార్టీ చేరిన ప్రభుత్వ పత్రంలో అది 2. 2006లో టీఆర్ఎస్ ఆ ప్రభుత్వం నుంచి బయటికొచ్చినప్పుడు "ఇచ్చిన మాట తప్పారు" అన్న వాదన ఒక పక్క, "పత్రంలో ఉన్నదానికి కట్టుబడే ఉన్నాం" అన్న వాదన మరో పక్క వినిపించాయంటే ఆశ్చర్యం లేదు. రెండింటికీ చోటున్న వాక్యం అది. రాష్ట్రం ఏర్పడింది 2014 జూన్ 2న.

అందుకే ఒప్పందం విడుదలైన రోజునే కూర్చుని క్రియలు గీయాలి. రెండేళ్ల తర్వాత గీస్తే, జరిగింది తెలుసు కాబట్టి చూపు ముందే ఒకవైపు వాలి ఉంటుంది.

ఒప్పందంలో ఒక హామీకి ఏమేం జరుగుతుంది

నేరుగా ఒప్పుకోవచ్చు. మధ్యలో ఒక అంకె దగ్గర కలవచ్చు. కమిషన్‌కు అప్పగించవచ్చు. అసలు ప్రస్తావనే లేకపోవచ్చు. "మీరు కానివ్వండి, మేం ఓటు వేయం" అని వెసులుబాటు రాసుకోవచ్చు. న్యూజిలాండ్‌లో అయితే భాగస్వామ్య పార్టీలు కొన్ని అంశాలపై బహిరంగంగా విభేదించే వీలు కేబినెట్ మాన్యువల్‌లోనే ఉంది. చాలాచోట్ల మంత్రివర్గ సమష్టి బాధ్యత అడ్డొస్తుంది. మంత్రి పదవిలో ఉన్నవారు తమకు నచ్చని నిర్ణయాన్ని కూడా సమర్థించాలి, లేదా రాజీనామా చేయాలి. కాబట్టి మంత్రి నోట వచ్చిన సమర్థనను ఆయన పార్టీ అభిప్రాయంగా రాసుకోవద్దు. హోదా గడిలో "మంత్రి" అని రాస్తే చాలు, తర్వాత చదివినప్పుడు అర్థమవుతుంది.

మధ్యలో కలుస్తారు అనుకోవడం కూడా కొన్నిసార్లు దెబ్బతీస్తుంది. 2005 జర్మనీ ఎన్నికల్లో మెర్కెల్ పార్టీ అయిన క్రిస్టియన్ డెమొక్రాట్లు విలువ ఆధారిత పన్నును 16 శాతం నుంచి 18కి పెంచుతామన్నారు. సోషల్ డెమొక్రాట్లు ఆ పెంపును ప్రచారంలో గట్టిగా వ్యతిరేకించారు. ఇద్దరూ కలిసి ప్రభుత్వం ఏర్పాటు చేశాక 2007 జనవరి 1 నుంచి అమలైన రేటు 19 శాతం, ఇద్దరూ చెప్పినదానికంటే ఎక్కువ. కారణం అంకెలో కనిపించదు, డబ్బు ఎటు వెళ్లిందో చూస్తే కనిపిస్తుంది. పెంచిన మూడు పాయింట్లలో ఒకటి నిరుద్యోగ బీమా చందా తగ్గించడానికి, మిగతా రెండు ఖజానా లోటు పూడ్చడానికి. మెర్కెల్ పార్టీ ప్రచారంలో చెప్పింది ఆ సొమ్ముతో ఉద్యోగాల మీది భారం తగ్గిస్తామని. అంటే పెద్ద పార్టీ మాట కూడా మారింది, రేటులోనే కాదు, సొమ్ము వాడకంలో కూడా. పన్నుల పేజీలో అంకె పక్కన "ఎందుకు" అని ఒక గడి అదనంగా గీసుకోవాలనడానికి ఇదే కారణం.

ప్రస్తావన లేకపోవడం గురించి జాగ్రత్త. 1998లో వాజ్‌పేయి ప్రభుత్వం కోసం మిత్రపక్షాలు రాసుకున్న జాతీయ పాలనా అజెండాలో రామమందిరం, 370వ అధికరణం, ఉమ్మడి పౌరస్మృతి లేవు. బీజేపీ సొంత మేనిఫెస్టోలో ఉన్నాయి. దీన్ని "వైఖరి మార్చుకున్నారు" అని రాస్తే తప్పు. "పక్కన పెట్టారు" అని రాయాలి. తేడా చిన్నదిగా అనిపించవచ్చు. కానీ సొంత మెజారిటీ వచ్చాక, 2019 ఆగస్టులో, 370 మీద ఆ పార్టీ ఏం చేసిందో చూస్తే ఆ తేడా ఎంత పెద్దదో తెలుస్తుంది. ఇంకో మెలిక ఉంది. 1999లో బీజేపీ ఎన్డీయే ఉమ్మడి ప్రణాళికతోనే పోటీ చేసింది. కాబట్టి ఆ ఏడాది పేజీలో ఈ మూడు అంశాలకు "ముందు మాట" గడి ఖాళీ. 1998 నాటి వాక్యాన్ని అక్కడ అతికించకూడదు.

ఒక కేసును మొదటి నుంచి చివరిదాకా

బ్రిటన్, 2010. విశ్వవిద్యాలయ ఫీజులు. అభ్యాసానికి ఇంతకంటే మంచి కేసు దొరకదు, ఎందుకంటే మూడు కాగితాలూ స్పష్టంగా ఉన్నాయి.

లిబరల్ డెమొక్రాట్ల ముందు మాటలు రెండు. అవి రెండు వేర్వేరు వరుసల్లో ఉండాలి. మొదటిది మేనిఫెస్టో: ఆరేళ్లలో ఫీజులు దశలవారీగా ఎత్తేస్తాం. ఇది ప్రభుత్వం చేసే పని. అంటే అధికారం ఉంటేనే కుదురుతుంది, షరతు అందులోనే దాగి ఉంది. రెండోది విద్యార్థి సంఘం ముందుకు తెచ్చిన ప్రతిజ్ఞ. దాని మీద అభ్యర్థులు ఒక్కొక్కరూ స్వయంగా సంతకం పెట్టారు. రాబోయే పార్లమెంటులో ఫీజుల పెంపు ఏదైనా సరే దానికి వ్యతిరేకంగా ఓటు వేస్తానని అందులో ఉంది. క్రియ 5, షరతు లేదు, హోదా సభ్యుడు. ప్రతిపక్షంలో ఉన్నా, ప్రభుత్వంలో ఉన్నా ఆ చెయ్యి ఆ సభ్యుడిదే.

ఎన్నిక మే 6న. ఆ పార్టీకి 57 స్థానాలు. కన్జర్వేటివ్‌లతో సంకీర్ణం. మే 20న వెలువడిన కార్యక్రమ పత్రంలో ఇలా ఉంది: ఫీజులపై బ్రౌన్ కమిటీ నివేదిక వస్తుంది, దానిపై ప్రభుత్వ స్పందన లిబరల్ డెమొక్రాట్లకు ఆమోదయోగ్యం కాకపోతే, ఓటింగులో వాళ్లు తటస్థంగా ఉండే ఏర్పాటు చేస్తారు. గీత పెట్టండి. ప్రతిజ్ఞలో "వ్యతిరేకంగా ఓటు". ఒప్పందంలో "తటస్థం". మాట మారింది ఇక్కడే. అప్పటికింకా బిల్లు లేదు, అంకె లేదు, వీధుల్లో నిరసన లేదు. గొడవ చెలరేగింది దాదాపు ఆరు నెలల తర్వాత.

డిసెంబర్ 9న ఓటింగ్. ఏడాదికి 3,290 పౌండ్లుగా ఉన్న గరిష్ఠ ఫీజును 9,000 దాకా పెంచే ప్రతిపాదన 323–302తో నెగ్గింది. లిబరల్ డెమొక్రాట్లలో 28 మంది అనుకూలం, 21 మంది వ్యతిరేకం, 8 మంది ఓటు వేయలేదు. ఇప్పుడు వరుసలు నింపండి. 21 మంది: ప్రతిజ్ఞ నిలబెట్టుకున్నారు. 28 మంది: ప్రతిజ్ఞకు ఎదురు వెళ్లారు, పైగా ఒప్పందం ఇచ్చిన వెసులుబాటును కూడా వాడుకోలేదు. 8 మంది దగ్గర ఆగండి. ఓటు వేయని వారంతా తటస్థులు కారు. ఇంధన మంత్రి క్రిస్ హ్యూన్ ఆ రోజు మెక్సికోలోని కాన్‌కూన్‌లో వాతావరణ చర్చల్లో ఉన్నారు. గైర్హాజరుకూ తటస్థానికీ వేర్వేరు గుర్తులు పెట్టుకోండి, గైర్హాజరైతే ఎందుకో రాయండి.

మేనిఫెస్టో వరుసకు మన తీర్పు: చిన్న భాగస్వామి వదులుకున్న హామీ. ఆ పార్టీకి 57, కన్జర్వేటివ్‌లకు 300 పైన. అంతా నెరవేర్చలేకపోయారని నిందిస్తే సంకీర్ణం అంటే ఏమిటో తెలియనట్టే. ప్రతిజ్ఞ వరుసకు ఆ మినహాయింపు వర్తించదు. సొంత ఓటును ఎవరి మెజారిటీ లాక్కోలేదు. 2012 సెప్టెంబరులో ఆ పార్టీ నాయకుడు నిక్ క్లెగ్ క్షమాపణ చెప్పింది ప్రతిజ్ఞ చేసినందుకే అని గమనించండి. 2015లో ఆ పార్టీకి 8 స్థానాలు మిగిలాయి. దానికి కారణాలు చాలా ఉన్నాయి, ఒక్క ఫీజుల ఖాతాలో వేయొద్దు.

మన సభల్లో ఓటు చదవడం

ఇదే పద్ధతిని లోక్‌సభకు యథాతథంగా తెస్తే రెండు చోట్ల తడబడతారు. చాలా బిల్లులు మూజువాణి ఓటుతో పాసవుతాయి. ఎవరు ఎటో పేరుపేరునా రికార్డు ఉండదు. ఎవరైనా డివిజన్, అంటే ఓట్ల లెక్కింపు కోరితేనే లెక్క వస్తుంది. కాబట్టి డివిజన్ జరిగిన సందర్భాల్నే మూడో కాగితంగా తీసుకుని, మిగతాచోట "నమోదు లేదు" అని రాయండి. రెండోది, 1985లో రాజ్యాంగంలో చేరిన పదో షెడ్యూలు, అంటే ఫిరాయింపుల నిరోధక చట్టం. ఇలాగే ఓటు వేయాలని పార్టీ ఇచ్చే ఆదేశం, విప్, జారీ అయ్యాక ధిక్కరిస్తే సభ్యత్వానికే ముప్పు. అందువల్ల విప్ ఉన్న ఓటు పార్టీ వైఖరిని చెబుతుంది, సభ్యుడి మనసును చెప్పదు. సభ్యుడి పేజీలో దాన్ని రాయాలంటే పక్కన "విప్" అని గుర్తు తప్పనిసరి.

బయటి నుంచి మద్దతిచ్చే పార్టీకి వేరే పేజీ పెట్టండి. వాళ్లకు మంత్రులుండరు, సమష్టి బాధ్యత ఉండదు. అమెరికాతో అణు ఒప్పందంపై వామపక్షాలు 2008 జులై 8న యూపీఏకు మద్దతు ఉపసంహరించాయి. జులై 22న విశ్వాస పరీక్షలో ప్రభుత్వం 275–256తో గట్టెక్కింది. వామపక్షాల పేజీలో వైఖరి మారలేదు, మద్దతు మారింది. ఈ రెండింటినీ ఒకే గడిలో కలిపేస్తే పేజీ మొత్తం పాడవుతుంది.

ఎక్కువగా దొర్లే తప్పులు

ఒక నాయకుడి పాత మాటకు మరో నాయకుడి కొత్త మాటను పోల్చడం అన్నింటికంటే సాధారణం. ఒకే పార్టీ అయితే చాలదు, హోదా కూడా కలవాలి. తర్వాతిది, పద్నాలుగు సెకన్ల వీడియో ముక్కను సాక్ష్యంగా తీసుకోవడం. ముందూ వెనకా కనీసం రెండు నిమిషాలు విననిదే వాక్యం రాసుకోవద్దు, షరతు చాలాసార్లు కత్తిరించిన భాగంలోనే ఉంటుంది. పరిస్థితి మారితే మారిన వైఖరినీ పొత్తు కోసం మారిన వైఖరినీ విడదీయకపోవడం ఇంకొకటి. పరీక్ష సులువు: పొత్తులో లేని పార్టీలు కూడా అదే సమయంలో అదే దిశలో కదిలాయా? కదిలితే పరిస్థితి కారణం కావచ్చు. ఆ పార్టీ ఒక్కటే, ఒప్పందం జరిగిన వారాల్లోనే కదిలితే పొత్తు వైపు చూడాలి.

అభ్యాసం

మీకు బాగా తెలిసిన ఒక సంకీర్ణ ప్రభుత్వాన్ని తీసుకోండి. మూడు అంశాలు చాలు. చిన్న భాగస్వామివి రెండు, పెద్ద భాగస్వామిది ఒకటి. క్రియలకు మార్కులు వేసి, ఒప్పందం తేదీ, ఓటు తేదీ, వాటి మధ్య రోజుల సంఖ్య రాయండి. ఒక్కో వరుస చివర "నిలబెట్టుకున్నారు, వదులుకున్నారు, పక్కన పెట్టారు, ఎదురు వెళ్లారు, నమోదు లేదు" వీటిలో ఒకటే రాయాలి. రెండు రాయాల్సి వస్తే ఆ వరుసలో రెండు హామీలు కలిసిపోయి ఉన్నాయని అర్థం, విడగొట్టి మళ్లీ రాయండి. పూర్తయిన పేజీల్ని పారేయొద్దు. ఐదో పాఠంలో వాటి పక్కనే బడ్జెట్ కేటాయింపుల్ని పెట్టి చూస్తాం.