ఉప్పు గాలికి పెడల్ బిగుసుకుపోకుండా చూసుకోవడం ఎలా?

ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా పొద్దున్నే సైకిల్ తొక్కేవాళ్ళు చైన్‌కి నూనె వేస్తారు, టైర్లలో గాలి చూసుకుంటారు. పెడల్ జోలికి మాత్రం వెళ్ళరు. విశాఖలో అలా వదిలేయకూడదు. చాలా సైకిళ్ళలో పెడల్ ఇరుసు ఉక్కుది, అది దిగే క్రాంక్ (పెడల్‌ని పట్టుకుని ఉండే కడ్డీ) అల్యూమినియంది. ఈ రెండింటి మధ్యకు ఉప్పు తేమ చేరితే అల్యూమినియాన్ని తినేసి, మర అతుక్కుపోతుంది. బలవంతంగా విప్పితే ఒక్కోసారి క్రాంకే మార్చాల్సి వస్తుంది. మూడు నాలుగు నెలలకోసారి విప్పి గ్రీజు పెడితే ఈ బాధ ఉండదు.

ముందు పరీక్ష. క్రాంక్‌ని ఒక చేత్తో పట్టుకుని పెడల్‌ని అటూ ఇటూ కదపండి. గడగడలాడితే లోపలి కోన్ (బాల్స్‌ని అదిమిపట్టే నట్టు) వదులైనట్టు. వేలితో తిప్పినప్పుడు కరకరమంటే ఇసుక చేరినట్టు, లేదా గ్రీజు ఎండినట్టు. కైలాసగిరి ఎక్కేటప్పుడు మాత్రమే కిర్రుమంటుంటే మర పొడిగా ఉందేమో చూడండి.

విప్పడానికి 15 నంబరు పానా కావాలి, కాస్త పలుచటిది. కొన్నింటికి 6 లేదా 8 ఎల్లెన్ కీ (ఆరు పలకల వంపు కడ్డీ) పడుతుంది. కుడి పెడల్‌ది మామూలు మర, ఎడమది తిరగమర. ఎడమవైపూ మామూలు మరే ఉంటే తొక్కగా తొక్కగా వదులైపోతుంది. ఎటు తిప్పాలో తికమక పడక్కర్లేదు: పానా పిడి పైకి ఉండేలా పెట్టి వెనక చక్రం వైపు లాగితే రెండూ వదులవుతాయి, ముందుకు తోస్తే బిగుస్తాయి. కదలకపోతే క్రాంక్ లోపలి వైపు నుంచి తుప్పు వదిలించే స్ప్రే కొట్టి రాత్రంతా వదిలేయండి.

కరకరమనే పెడల్‌కి చివర మూత తీస్తే లాక్ నట్టు, వాషరు, కోన్ కనిపిస్తాయి. కింద తెల్లటి గుడ్డ పరిచి వాటిని విప్పండి, లోపలి బాల్స్ (చిన్న ఉక్కు గుండ్లు) దొర్లిపోతాయి. ఏ వైపు ఎన్ని ఉన్నాయో రాసుకోండి. అన్నీ కిరోసిన్‌లో కడిగి తుడిచి, కొత్త గ్రీజులో బాల్స్ అద్దండి. కోన్‌ని ఆట పోయేదాకా బిగించి, పెడల్ తేలిగ్గా తిరుగుతుండగానే లాక్ నట్టు వేయండి. కోన్‌లో గుంటలు పడితే కొత్త జత కొనడమే మేలు. బాల్స్ మార్చాలంటే పాతదొకటి షాపుకు పట్టుకెళ్ళండి, సైజులు తేడా ఉంటాయి. మూత లేని చవక పెడల్స్ విప్పే పని పెట్టుకోకండి.

బిగించేటప్పుడు పాత టూత్‌బ్రష్‌తో మరలు రుద్ది, చుట్టూ గ్రీజు రాయండి. ఈ ఊళ్ళో ఇదే అసలు పని. ఇరుసు మీద ‘ఎల్’ ఉంటే ఎడమకి, ‘ఆర్’ ఉంటే కుడికి. మొదటి రెండు మూడు చుట్లు వేళ్ళతోనే తిరగాలి. పట్టేస్తే మర వంకరగా పడుతున్నట్టే, వెంటనే వెనక్కి తీయండి. తర్వాత పానాతో గట్టిగా బిగించండి, టార్క్ పానా (ఎంత బలంతో బిగించామో చూపేది) ఉంటే 35 నుంచి 40 న్యూటన్ మీటర్లు. ఒకటి రెండు రోజులు తొక్కాక మళ్ళీ ఓసారి పానా పెట్టి చూడండి.