బరంపురం నుంచి పెర్త్‌కి జట్టుగా వెళ్ళేవాళ్ళకి

ముగ్గురు నలుగురు స్నేహితులు కలిసి చదువుకి ఆస్ట్రేలియా వెళ్దామనుకోవడం ఒడిశాలోని మన బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు కూడా ఇప్పుడు వింటున్నాం. మెల్‌బోర్న్, సిడ్నీ కాకుండా పెర్త్ ఎలా ఉంటుందని చాలామంది అడుగుతున్నారు. నేను పర్లాకిమిడి వాణ్ణి, ఉండేది పెర్త్‌లో. కలిసి రావడం చాలా మంచిదే, కొత్త దేశంలో మన భాష మాట్లాడే మనిషి పక్కగదిలో ఉంటే సగం టెన్షన్ తగ్గిపోతుంది. కానీ చిన్నప్పటి నుంచి కలిసి తిరిగిన వాళ్ళు ఏడాది తిరక్కుండానే ముఖాలు చూసుకోకుండా అయిపోవడం కూడా ఇక్కడ కనిపిస్తుంది, కారణం చాలాసార్లు ఇంటి అద్దె, కరెంటు బిల్లు, ఎవరి పేరు మీద ఏ కాగితం ఉందన్న గొడవే. అందుకే నా సలహా అంతా ఒకే మాట చుట్టూ తిరుగుతుంది: కలిసి రండి, కలిసి ఉండండి, కానీ ఎవరి కాగితాలు వాళ్ళ చేతిలో, ఎవరి లెక్క వాళ్ళ పేరు మీద ఉండాలి.

మొదట పేరు సంగతి చూడండి, మన జిల్లాల తెలుగువాళ్ళకి ఇది పెద్ద తలనొప్పి. స్కూల్లో ఒడియా మాస్టారు రాసుకున్నప్పుడు శ్రీనివాస్ శ్రీనిబాస్ అవుతాడు, వెంకటేశ్ బెంకటేశ్ అవుతాడు, మనం ముందు చెప్పే ఇంటిపేరు ఒకచోట చివరికి పోతుంది, ఇంకోచోట అసలు ఉండదు. మెట్రిక్ సర్టిఫికెట్‌లో ఒకలా, ఆధార్‌లో ఒకలా, నాన్నగారి బ్యాంకు పాస్‌బుక్‌లో ఇంకోలా ఉంటే, ఈయన మీ నాన్నేనని నిరూపించుకోవడమే ఒక పని అవుతుంది. మెట్రిక్ సర్టిఫికెట్‌లో ఉన్న పేరుని ఆధారంగా పెట్టుకుని ఆధార్, పాన్, బ్యాంకు అన్నీ దానికి సరిపోయేలా మార్పించుకోండి, ఆ తర్వాతే పాస్‌పోర్ట్‌కి వెళ్ళండి. మన వైపు పాస్‌పోర్ట్ భువనేశ్వర్ ఆఫీసు నుంచి వస్తుంది, కాబట్టి అక్కడ ఒక తప్పు పడితే దిద్దుకోవడానికి నెలలు పడుతుంది. భూమి పట్టా, నివాస సర్టిఫికెట్, కొన్ని జనన సర్టిఫికెట్లు ఒడియాలోనే ఉంటాయి, వాటికి ధ్రువీకరించిన ఇంగ్లీషు అనువాదం జతచేయాలి. అడ్మిషన్ వచ్చాక చూద్దాంలే అనుకోకండి, కాలేజీలకి అప్లై చేసే రోజే ఈ పని మొదలుపెట్టండి.

స్టూడెంట్ వీసా పేరు సబ్‌క్లాస్ 500. 2025 జూలై 1 నుంచి దాని ఫీజు 2,000 ఆస్ట్రేలియా డాలర్లు, వీసా రాకపోయినా మామూలుగా ఆ డబ్బు తిరిగి రాదు. ఒక్కరికి ఏడాది ఖర్చుల కింద 29,710 డాలర్లు చూపించాలని 2024 మే నుంచి నియమం ఉంది, దాని మీద మొదటి ఏడాది ఫీజు, ప్రయాణం ఖర్చు వేరే. ఉండబోయే కాలం మొత్తానికి ఓఎస్‌హెచ్‌సీ అనే హెల్త్ ఇన్సూరెన్స్ కూడా తీసుకోవాలి. అంకెలు మారుతూనే ఉంటాయి, అప్లై చేసే రోజు ఆస్ట్రేలియా హోం అఫైర్స్ వెబ్‌సైట్‌లో మీరే చూసుకోండి.

జట్టుగా అప్లై చేసేవాళ్ళు ఎక్కువగా చెడగొట్టుకునేది ఇక్కడే. ఈ కోర్సు ఎందుకు, ఈ దేశం ఎందుకు, చదివాక ఏం చేస్తావని ఫారంలో అడుగుతారు, ఒక్కో జవాబుకి 150 పదాలే చోటు. నలుగురూ ఒకే ఏజెంటు దగ్గరికి వెళ్తే నలుగురికీ అవే వాక్యాలు అతికించేస్తాడు. అలా చేయనివ్వకండి. మీ ఊరు, మీ నాన్నగారు చేసే పని, మీరు బరంపురంలో చదివిందేమిటి, ఇంటికొచ్చాక దేనికి పనికొస్తుంది, ఇవన్నీ మీ మాటల్లో మీరే రాయండి, ఇంగ్లీషు కొంచెం అటూఇటూ ఉన్నా ఫర్వాలేదు. అప్లికేషన్ వేసే ఇమ్మి అకౌంట్ పాస్‌వర్డ్ మీ దగ్గర ఉండాలి, ఏ కాగితం ఎక్కించారో మీరు కళ్ళారా చూడాలి, ఎందుకంటే దొంగ బ్యాంకు స్టేట్‌మెంట్ ఒక్కటి బయటపడినా మూడేళ్ళ పాటు వీసా ఇవ్వకుండా ఆపేసే నిబంధన ఉంది, అది ఏజెంటుకి కాదు మీకు పడుతుంది. కోర్సు క్రికోస్ జాబితాలో, అంటే విదేశీ విద్యార్థులు చేరగలిగే కోర్సుల ప్రభుత్వ జాబితాలో, ఉందో లేదో కూడా చూసుకోండి.

టికెట్ విషయం తేలికే. ఊరి నుంచి పెర్త్ దాకా మొత్తం ఒకే బుకింగ్ తీసుకోండి. చవగ్గా వస్తుందని సింగపూర్ దాకా ఒకటి, అక్కణ్ణుంచి వేరొకటి కొంటే, సామాను తీసుకుని మళ్ళీ ఇవ్వడానికి ఆ దేశంలోకి అడుగుపెట్టాల్సి రావచ్చు, దానికి వీసా అడుగుతారు. సింగపూర్ నుంచి పెర్త్ అయిదు గంటల పైచిలుకు ప్రయాణం. పెర్త్ టైము మనకంటే రెండున్నర గంటలే ముందు, ఏడాదంతా అంతే, అందుకని ఇంటికి ఫోన్ చేసుకోవడానికి మిగతా నగరాలకంటే సుఖం.

సామాను దగ్గర అమ్మలతో పెద్ద యుద్ధమే జరుగుతుంది, అయినా గట్టిగా నిలబడండి. బరంపురం అప్పడాలు, నూనె ఆవకాయ, కొట్టిన పొడులు తెచ్చుకోవచ్చు కానీ ప్రతి ఒక్కటీ విమానంలో ఇచ్చే కార్డులో చూపించాలి. ఛెనాపోడ, రసగుల్లా, పాలకోవా లాంటి పాల మిఠాయిలు ఇంట్లోనే తినేసి రండి. పచ్చి కరివేపాకు, నాటుకునే గింజలు, మాంసం పచ్చళ్ళు వద్దు. ఎండుచేపలు సర్దేముందు ఆస్ట్రేలియా బయోసెక్యూరిటీ పేజీలో (బయటి తిండి, మొక్కల మీద ఆంక్షలు చెప్పే ప్రభుత్వ పేజీ) నియమం చదవండి. తిండి ఉందని ఒప్పుకుని చూపిస్తే, పనికిరానిది తీసి పక్కన పడేస్తారు, అంతటితో అయిపోతుంది. దాచిపెట్టి దొరికితే వేల డాలర్ల జరిమానా పడొచ్చు, వీసా కూడా అక్కడే రద్దు కావచ్చు. మీ స్నేహితుడి సంచీలో బరువు మిగిలిందని మీ పార్సిల్ అందులో పెట్టకండి, పక్కింటి పిన్ని వాళ్ళబ్బాయికి పంపిన డబ్బా విప్పి చూడకుండా తీసుకోకండి, సంచీ ఎవరిదైతే జవాబు వాళ్ళే చెప్పుకోవాలి. మందులుంటే మూడు నెలలకి మించకుండా, అసలు ప్యాకింగ్‌లో, ఇంగ్లీషు ప్రిస్క్రిప్షన్‌తో తెచ్చుకోండి. చిన్న ప్రెషర్ కుక్కర్ తప్పకుండా పెట్టుకోండి. అక్కడా 230 వోల్టులే కాబట్టి ప్లగ్గు మార్చే అడాప్టర్ ఉంటే మన మిక్సీ కూడా పనిచేస్తుంది.

దిగగానే ఎయిర్‌పోర్ట్ సెంట్రల్ స్టేషన్ నుంచి సిటీకి రైలు ఉంది, 2022లో మొదలైంది. బస్సుకీ రైలుకీ ఒకటే స్మార్ట్‌రైడర్ కార్డు. సిటీ మధ్యలో తిరిగే క్యాట్ బస్సులు అందరికీ ఉచితం. మొదటి వారంలోనే ఎవరికి వాళ్ళు సిమ్, బ్యాంకు అకౌంటు, టాక్స్ ఫైల్ నంబరు తీసుకోండి. ఆ నంబరు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది, ఇప్పిస్తానని డబ్బులడిగే వాళ్ళని నమ్మకండి.

ఇక ఇల్లు. దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, స్నేహాలు తెగేది ఇక్కడే కాబట్టి. ఇండియాలో ఉండగానే ఫోటోలు చూసి ఎవరికీ అడ్వాన్సు పంపొద్దు, చూపించే ఇల్లు ఒకటి, డబ్బు పోయే అకౌంటు ఇంకొకటి అయ్యే మోసాలు చాలా ఉన్నాయి. రెండు వారాలకి హాస్టలో రూమో మాట్లాడుకుని దిగి, ఇళ్ళు కళ్ళతో చూసి తీసుకోండి. అక్కడ అద్దె వారానికి చెప్తారు, నెలకి కాదు, ఊరికే నాలుగుతో హెచ్చవేస్తే లెక్క తప్పుతుంది, వారం అద్దెని 52తో హెచ్చవేసి 12తో భాగించండి. బాండ్ అంటే ఇంటికి ముందుగా కట్టే డిపాజిట్, మామూలుగా నాలుగు వారాల అద్దె, అది ఇంటి ఓనరు జేబులోకి పోకూడదు, ప్రభుత్వ బాండ్ ఆఫీసులో జమ అవ్వాలి, ఆ రసీదులో డబ్బు పెట్టిన ప్రతివాళ్ళ పేరూ ఉండాలి. నువ్వు సంతకం పెట్టెయ్ రా, మేం నీకు ఇచ్చేస్తాంలే అని ఒక్కడి పేరు మీద లీజు రాయించుకోవడం మనవాళ్ళకి అలవాటు. అది వద్దు. ఒక్కడి పేరే ఉంటే మిగతావాళ్ళు మానేసినా మొత్తం అద్దె ఆ ఒక్కడే కట్టాలి. నలుగురి పేర్లూ ఉంటే నలుగురికీ హక్కుంటుంది, కానీ ఒకడు ఎగ్గొడితే ఆ వాటా మిగతా ముగ్గురినీ అడుగుతారని కూడా తెలుసుకుని సంతకం చేయండి.

ఇంట్లో దిగినప్పుడు ప్రాపర్టీ కండిషన్ రిపోర్ట్ అని ఒక ఫారం ఇస్తారు. గోడ మీద గీతలు, కార్పెట్ మీద మరకలు, విరిగిన తలుపు గడియ, అన్నీ ఫోటోలు తీసి రాసి ఏడు రోజుల్లోపు తిరిగివ్వండి. అది బద్ధకించారంటే ఖాళీ చేసేటప్పుడు పాత మరకలన్నీ మీ ఖాతాలో పడి బాండ్‌లో కోతపడుతుంది. కొన్ని నెలలకోసారి ఇంటి ఏజెంటు వచ్చి ఇల్లు చూసి వెళ్తాడు, ముందే కాగితం పంపుతాడు కాబట్టి కంగారక్కర్లేదు. తాలింపు పెట్టేముందు పొయ్యి మీది ఫ్యాను వేసి కిటికీ తీయండి, లేకపోతే స్మోక్ అలారం కూస్తుంది, పసుపు మరక తెల్ల బండ మీద పడితే వెంటనే తుడవండి.

మీలో మీరు కూడా ఒక కాగితం రాసుకోండి, సిగ్గుపడక్కర్లేదు. అద్దె ఏ రోజు ఎవరు కడతారు, కరెంటు బిల్లు ఎలా పంచుతారు, ఊరి నుంచి ఎవరైనా వచ్చి హాల్లో నెలల తరబడి ఉంటే వాటా ఎంత, ఒకరికి వేరే ఊళ్ళో ఉద్యోగం వస్తే ఎన్ని వారాల ముందు చెప్పాలి, బదులు మనిషిని ఎవరు వెతకాలి. బయటికి వెళ్ళేవాడి బాండ్ వాటా చేతికి ఇచ్చి ఊరుకోకండి, బాండ్ కాగితంలో పేరు మార్చే ఫారం వేయండి. వంట వంతులు ఎలాగోలా సర్దుకుంటాయి, డబ్బు మాత్రం రాతలో ఉండాలి.

పని విషయానికొస్తే, క్లాసులు నడిచే రోజుల్లో రెండు వారాలకి 48 గంటలు మించకూడదు. దేశం మొత్తానికి కనీస వేతనం 2025 జూలైలో గంటకి 24.95 డాలర్లు అయింది. చేతికి నోట్లిచ్చి అంతకంటే తక్కువ ఇచ్చే చోట మన ఊరివాడు ఉన్నా సరే చేరకండి. పేస్లిప్ అడగండి, టాక్స్ నంబరు ఇవ్వకపోతే జీతంలో దాదాపు సగం కోసేస్తారు. మోసం జరిగితే జీతాల ఫిర్యాదులు చూసే ప్రభుత్వ ఆఫీసు ఫెయిర్ వర్క్ ఆంబుడ్స్‌మన్‌కి ఫోన్ చేయొచ్చు, దుబాసీని ఉచితంగా ఇస్తారు.

ఎండ గురించి. బరంపురం ఎండ మాకు అలవాటేనని అంటారు, అది వేరు, ఇది వేరు. మనకి చెమట పట్టించే ఉక్క, పెర్త్‌లో పొడి ఎండ, గాలి శుభ్రంగా ఉండటం వల్ల, దక్షిణార్ధగోళపు వేసవిలో భూమి సూర్యుడికి దగ్గరగా ఉండటం వల్ల చర్మాన్ని కాల్చే కిరణాలు చాలా ఎక్కువ. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా వేసవి, ఆ కిరణాల తీవ్రత చెప్పే యూవీ అంకె 11 దాటే రోజులు మామూలు. నల్లటి ఒళ్ళున్నవాళ్ళం మనకేమవుతుందనుకోకుండా 50 ప్లస్ సన్‌స్క్రీన్ రాయండి, వెడల్పు అంచు టోపీ పెట్టండి. మధ్యాహ్నం దాటాక సముద్రం నుంచి వచ్చే చల్లగాలిని అక్కడివాళ్ళు ఫ్రీమాంటిల్ డాక్టర్ అంటారు, అది తగిలితే ప్రాణం లేచొస్తుంది. జూన్, జూలైల్లో మాత్రం వాన, చలి, చాలా ఇళ్ళు లోపల కూడా చల్లగా ఉంటాయి, ఒక మంచి రగ్గు తెచ్చుకోండి.

సముద్రం దగ్గర ఇంకా జాగ్రత్త. బరంపురం దగ్గరి గోపాలపురంలో మన నోలియాలు, అంటే ఒడ్డున కాపు కాసే జాలర్లు, కళ్ళముందే ఉంటారు, లోతుకి పోతే కేకేసి వెనక్కి లాగుతారు. కాటెస్లో, స్కార్‌బరో బీచుల్లో ఎరుపు పసుపు జెండాలు పాతి ఉంటాయి, గార్డులు చూసేది ఆ రెండు జెండాల మధ్యనే. అక్కడే దిగండి, ఒంటరిగా వద్దు, చీకటి పడ్డాక అసలు వద్దు. పైకి నీళ్ళు ప్రశాంతంగా కనిపించే చోటే లోపలికి లాగే ప్రవాహం ఉండొచ్చు. లాగితే ఒడ్డువైపు ఎదురీది అలిసిపోకండి, తేలుతూ చెయ్యి పైకెత్తి ఊపండి. ఒడ్డున ఉన్నవాళ్ళు స్నేహితుడి కోసం నీళ్ళలోకి దూకకుండా గార్డుని పిలవాలి, గార్డు లేకపోతే అత్యవసర నంబరు 000కి ఫోన్ చేయాలి.