జియాలజీ చదవడం ఎలా? హైదరాబాదు విద్యార్థులకు కొన్ని మెట్లు

హైదరాబాదులో జియాలజీ చదివేవారికి ప్రయోగశాల ఇంటి గుమ్మం బయటే మొదలవుతుంది, ఎందుకంటే నగరం నిలబడి ఉన్నది దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు మీద. అయినా మొదటి ఏడాది విద్యార్థులు చాలామంది నిర్వచనాలు బట్టీపట్టి, ప్రాక్టికల్ పరీక్షలో చేతికి రాయి అందేసరికి తెల్లముఖం వేస్తారు. చూడటం, చూసింది రాయడం, ఆ తరువాతే పేరు పెట్టడం అనే వరుసను మొదటి నుంచే అలవాటు చేసుకుంటే ఆ ఇబ్బంది రాదు.

ప్రవేశం సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. డిగ్రీ సీట్లు తెలంగాణ ఆన్‌లైన్ ప్రవేశ విధానమైన దోస్త్ ద్వారా భర్తీ అవుతాయి. పీజీకి ఉస్మానియా వంటి రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు సీపీగెట్, ఐఐటీలకు జామ్ అనే ప్రవేశ పరీక్షలు రాయాలి. బీఎస్సీలో జియాలజీతోపాటు ఏయే సబ్జెక్టులు తీసుకోవాలన్నదే అసలు ఆలోచించవలసిన విషయం. గణితమో, భౌతికమో, రసాయనమో గట్టిగా ఉండాలి, లేకపోతే పీజీలో జియోఫిజిక్స్, జియోకెమిస్ట్రీ తరగతులు భారమవుతాయి.

రెండో మెట్టు సామగ్రి. పది రెట్లు పెద్దదిగా చూపే లెన్సు, సుత్తి, దిక్కుతోపాటు వాలు కోణాన్నీ కొలిచే క్లైనోమీటర్ దిక్సూచి, గట్టి అట్ట ఉన్న నోటుబుక్కు, పెన్సిలు చాలు. పెన్ను వద్దు, వాన చినుకు పడితే సిరా అలుక్కుపోతుంది.

ఇక రాయి దగ్గరికి వెళ్లాలి. ఖాజాగూడలోనో, మౌలాలీలోనో ఒక బండ ముందు కూర్చుని, దాని పేరు తెలియనట్టే మొదలుపెట్టండి. లెన్సును కంటికి ఆనించి పట్టుకుని, మీరే రాయికి దగ్గరగా జరగాలి. ఎండలో చదునైన ముఖాలతో తళుక్కుమనే గులాబీ రంగు గింజలు ఫెల్స్‌పార్, గాజు పెంకుల్లా అడ్డదిడ్డంగా విరిగి బూడిద రంగులో కనిపించేవి క్వార్ట్జ్, గోటితో గీరితే పొరలుగా లేచే నల్లని రేకులు బయొటైట్ అభ్రకం. ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 వరకు చెప్పే మోస్ కొలమానంలో ఫెల్స్‌పార్ కాఠిన్యం 6, క్వార్ట్జ్‌ది 7 కాబట్టి మామూలు చాకు ఈ రెండింటి మీదా గీత పెట్టలేదు. గింజల పరిమాణం, రంగు, పాళ్లు రాసుకుని, ఒక బొమ్మ గీసి, అప్పుడు మాత్రమే గ్రానైటు అని రాయండి.

అదే బండ మరో పాఠం కూడా చెబుతుంది. ఎవరో ఒకదానిపై ఒకటి పేర్చినట్లున్న ఆ గుండ్లను ఏ వరదా తెచ్చి పెట్టలేదు, అవి ఉన్నచోటనే గుండ్రబడ్డాయి. గ్రానైటులోని పగుళ్ల వెంట నీరు దిగి ఫెల్స్‌పార్‌ను మెల్లగా బంకమట్టిగా మారుస్తుంది. దిమ్మ ముఖం మీద ఒకవైపు నుంచే సాగే ఈ పని అంచు మీద రెండు వైపుల నుంచి, మూల మీద మూడు వైపుల నుంచి సాగుతుంది కనుక మూలలే ముందుగా అరిగి, చదరపు దిమ్మ చివరికి గుండు అవుతుంది. అన్నట్టు, గోల్కొండ కోటలోనూ, రక్షణలో ఉన్న ఇతర శిలల దగ్గరా సుత్తి సంచిలోంచి తీయకూడదు.

రాతి పొర ఎటు సాగిందో, ఎటు ఎంత వాలిందో చెప్పే స్ట్రైక్, డిప్‌లు తరగతిలో అందరినీ తికమక పెడతాయి, వాటిని పెంకుటింటి కప్పుతో అర్థం చేసుకోవచ్చు. వాన నీరు కప్పు మీద జారిపోయే దిశ డిప్ దిశ, ఆ వాలు నేలమట్టంతో చేసే కోణం డిప్, చూరు వెంట అడ్డంగా సాగే గీత స్ట్రైక్. కొలిచేటప్పుడు ఇనుము దూరంగా ఉండాలి. నేను మొదటిసారి సుత్తిని దిక్సూచి పక్కనే పెట్టుకుని ఒక పూటంతా కొలతలు తీసి, సాయంత్రం పటం మీద వేసేసరికి ఒక్క గీతా పొరుగు గీతతో కుదరక, మర్నాడు మళ్లీ మొదటి నుంచి కొలవవలసి వచ్చింది.

సూక్ష్మదర్శిని తరగతిలో రాయిని 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీసిన పలక ఇస్తారు. కాంతిని ఒకే తలంలో కంపించేలా చేసే రెండు ధ్రువణ ఫలకాలను (పోలరాయిడ్లను) ఒకదానికొకటి అడ్డంగా ఉంచి చూస్తే, ఫెల్స్‌పార్ రకాలైన ప్లేజియోక్లేజ్ చారల చొక్కాలా, మైక్రోక్లిన్ గళ్ల లుంగీలా, క్వార్ట్జ్ ఏ గీతలూ లేని బూడిద రంగులో కనిపిస్తాయి. పలకను పెట్టే సూక్ష్మదర్శిని వేదికను తిప్పుతూ ప్రతి గింజనూ చేత్తో గీయాలి. ఫోను ఫొటో ఆ పనికి రాదని నా అభిప్రాయం, గీసేటప్పుడు కన్ను ఆగినంతసేపు ఫొటో తీసేటప్పుడు ఆగదు.

సెలవు రోజున పడమరగా వికారాబాద్ వైపు వెళ్లండి. దారిలో గ్రానైటు పోయి నల్లని బసాల్టు, దాని పైన అది శిథిలమై ఏర్పడిన ఎర్రని లేటరైటు వస్తాయి. ఈ బసాల్టు సుమారు 6.6 కోట్ల ఏళ్ల క్రితం పారిన దక్కన్ లావా. గ్రానైటు పైన నేరుగా బసాల్టు పరుచుకున్న చోట, ఆ రెండింటి మధ్య 240 కోట్ల ఏళ్లకు పైబడిన కాలానికి ఒక్క పొర కూడా మిగలలేదు. పాఠ్యపుస్తకంలో అన్‌కన్ఫార్మిటీ అని చదివేది దీన్నే. నగరంలో గ్రానైటును చీల్చుకుని గోడల్లా నిలిచిన డోలరైట్ డైకులనూ (పగుళ్లలోకి చొచ్చి గట్టిపడిన శిలాద్రవాన్ని డైకు అంటారు) జనం నల్లరాయి అనే అంటారు. అయితే డోలరైట్‌లో గింజలు లెన్సుకు విడివిడిగా తెలుస్తాయి, బసాల్టులో దాదాపుగా తెలియవు. ఇంకా ముందుకు, తాండూరు దాకా పోతే ఇళ్లలో పరిచే బండలు పుట్టిన సున్నపురాయి దొరుకుతుంది. పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఒక చుక్క వేస్తే అది బుసబుస పొంగుతుంది.

పీజీలోకి వచ్చాక గేట్, నెట్, యూపీఎస్‌సీ కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్షల పాత ప్రశ్నపత్రాలను సిలబస్‌తో పక్కపక్కన పెట్టుకుని చదవాలి. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ దక్షిణ ప్రాంత కార్యాలయం, 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్ఐ, అణు ఖనిజ డైరెక్టరేట్, ప్రభుత్వ గనుల సంస్థ ఎన్ఎండీసీ అన్నీ ఈ నగరంలోనే ఉన్నాయి. ప్రాజెక్టు పని కోసం విభాగాధిపతి ఉత్తరంతో వేసవికి చాలా ముందే దరఖాస్తు చేసుకోవడం మంచిది. దరఖాస్తుతో పాటు మీరు సొంతంగా గీసిన ఒక పటం జత చేయండి. దాని మీద ఉత్తర దిశ, స్కేలు, గుర్తుల అర్థం చెప్పే సూచిక, తేదీ తప్పక ఉండాలి.