సెకండ్ హ్యాండ్ డీజిల్ పికప్ కొనడం ఎలా?

మా ఇంటికి మొదటి పికప్ వచ్చినప్పుడు నేనూ మా బావా చూసింది రెండే: పెయింటు, మీటరు. తెల్లటి బొలెరో పికప్, మీటరు మీద 85,000 కిలోమీటర్లు, సీట్లకు కొత్త కవర్లు. అక్కడికక్కడే అడ్వాన్స్ ఇచ్చేశాం. మూడో వారం మదనపల్లె మార్కెట్‌కు టమాటా ఎక్కించుకుని పోతుంటే బండి వెనక ఎడమ పక్క కుంగిపోయింది. మెకానిక్ కిందకు దూరి చూశాడు. కమాన్ పట్టీల (బరువు మోసే స్ప్రింగు పట్టీల) బ్రాకెట్ దగ్గర ఛాసిస్‌కు, అంటే బండి అడుగున ఉండే ఇనుప చట్రానికి, ఎప్పుడో వెల్డింగ్ చేసి, పైన నల్ల రంగు కొట్టి ఉంది. ఆ వెల్డింగే మళ్ళీ చీలింది. మా దగ్గరికి రాకముందు ఆ బండి గ్రానైట్ పలకలు మోసిందని తరవాత తెలిసింది. ఆ పంట మీద మిగిలిన డబ్బులో సగం రిపేరుకే పోయింది.

అప్పటి నుంచి పాత పికప్ కొంటామని ఎవరు వచ్చినా నేను మొదట చెప్పే మాట ఒకటే. ఎన్ని కిలోమీటర్లు తిరిగిందని అడిగే ముందు, ఏం మోసిందని అడగండి.

ముందు మీ లోడు ఎంతో లెక్క వేసుకోండి

బండి చూడ్డానికి వెళ్ళకముందే ఇంట్లో కూర్చుని చేయాల్సిన పని ఇది. 25 కిలోల టమాటా క్రేట్లు 60 ఎక్కిస్తే సరుకే 1,500 కిలోలు. ఖాళీ క్రేట్ల బరువు, వెంట వచ్చే మనుషుల బరువు దానికి అదనం. బొలెరో పికప్‌లలోనే 1.3 టన్నులు మోసేవి ఉన్నాయి, 1.7 టన్నులు మోసేవి ఉన్నాయి. బయటి నుంచి చూస్తే రెండూ ఒకేలా అనిపిస్తాయి. కాబట్టి అమ్మే మనిషి మాట మీద కాకుండా ఆర్‌సీ మీద ఆధారపడండి. అందులో ఖాళీ బండి బరువు, లోడుతో కలిపి ఉండాల్సిన గరిష్ఠ బరువు రెండూ ఉంటాయి. రెంటికీ ఉన్న తేడాయే మీరు మోయగలిగింది.

ఈ గరిష్ఠ బరువు మీద ఇంకో రెండు విషయాలు ఆధారపడతాయి. 3,000 కిలోలు దాటని గూడ్స్ బండికి మోటారు వాహనాల చట్టం ప్రకారం పర్మిట్ అక్కర్లేదు, దాటితే కావాలి. లైసెన్స్ విషయంలో మాత్రం టెన్షన్ పడాల్సిన పని లేదు. 7,500 కిలోల లోపు రవాణా బండిని ఎల్ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్స్‌తో నడపవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో తేల్చింది.

ఏం మోసిందో బండి కిందే కనిపిస్తుంది

బండి చుట్టూ తిరగడం తరవాత. ముందు ఒక గోనెపట్టా పరుచుకుని, సెల్‌ఫోన్ టార్చ్ పట్టుకుని కిందకు దూరండి. పెయింటు పైనంతా కొడతారు కానీ కింద అంత శ్రద్ధ పెట్టరు.

కమాన్ పట్టీలు చూడండి. కంపెనీ ఇచ్చిన పట్టీలన్నీ ఒకే రకంగా, ఒకే పాతదనంతో ఉంటాయి. మధ్యలో ఒకటి కొత్తగానో మందంగానో కనిపిస్తే అది అదనంగా వేయించింది. రోజూ ఓవర్‌లోడ్ తోలేవాళ్ళే ఆ ఖర్చు పెడతారు. ఖాళీగా నిలబడ్డ బండికి వెనక పట్టీలు విల్లులా వంగి ఉండాలి. బల్లపరుపుగా ఉన్నాయంటే ఆ బండి చాలా బరువు చూసింది. తరవాత పట్టీలు ఛాసిస్‌కు తగిలే బ్రాకెట్ల చుట్టూ వేలితో తడమండి. వెల్డింగ్ గడ్డలు తగిలినా, ఆ ఒక్క చోటే కొత్త నల్ల రంగు కనిపించినా ఇక బేరం ఆడకుండా లేచి వచ్చేయండి. ఇంజిన్ పోతే విప్పించి బోర్ చేయించుకోవచ్చు. ఒకసారి పగిలిన ఛాసిస్‌ను నమ్మి ఘాట్ రోడ్డు ఎక్కలేం.

సరుకును బట్టి దెబ్బ తగిలే చోటు మారుతుంది. ఇటుకలు, ఇసుక, రాళ్ళు మోసిన బండికి పట్టీలు, ఛాసిస్, హౌసింగ్ (వెనక చక్రాల మధ్య ఉండే ఇరుసు పెట్టె) దెబ్బతింటాయి. భీమవరం, కైకలూరు వైపు చేపలు, రొయ్యలు మోసిన బండి పైకి బాగానే ఉంటుంది. కానీ ఐసు కరిగిన ఉప్పునీళ్ళు రోజూ కారి కారి తొట్టి కింద అడ్డ పట్టీలు, బ్రేక్ పైపులు తుప్పు పట్టి ఉంటాయి. స్క్రూడ్రైవర్ మొనతో గుచ్చి చూస్తే పొరలు పొరలుగా రాలుతుంది. కోళ్ళు తోలిన బండికీ అంతే, రెట్ట ఇనుమును తింటుంది. పాల క్యాన్లు, కిరాణా, మందుల డబ్బాలు మోసిన బండి దొరికితే, కిలోమీటర్లు ఎక్కువున్నా నేను దానివైపే మొగ్గుతాను. లక్షన్నర కిలోమీటర్లు కిరాణా సరుకు తోలిన బండి, 80 వేలు గ్రానైట్ తోలిన బండి కన్నా ఎక్కువ కాలం ఉంటుంది.

ఆంధ్రప్రదేశ్‌లో ఇదివరకు నంబరు ప్లేటు చూసి ఇది ఏ జిల్లా బండో చెప్పేసేవాళ్ళం. 2019 నుంచి రాష్ట్రమంతా ఏపీ 39 మొదలయ్యాక ఆ వీలు పోయింది. అందుకని ఆర్‌సీలో పాత ఓనర్ చిరునామా చూడండి. క్వారీలున్న ఊరా, చెరువులున్న ఊరా, టౌనా అన్నది చాలా సంగతులు చెబుతుంది. మీటరు వెనక్కి తిప్పే మనుషులు ఉన్నారు కాబట్టి ఆ అంకెను ఒక్కదాన్నీ నమ్మకండి. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో బండి నంబరు చెప్పి పాత సర్వీసుల వివరాలు అడగండి. క్లచ్ పెడల్ రబ్బరు అరిగిపోయి ఇనుము కనిపిస్తుంటే అది 60 వేల కిలోమీటర్ల బండి కాదు.

తెల్లవారుజామునే వెళ్ళండి

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే దాని అసలు సంగతి తెలుస్తుంది. "నేనొచ్చేదాకా స్టార్ట్ చేయొద్దన్నా" అని ముందు రోజే ఫోన్ చేసి చెప్పండి. వెళ్ళగానే బానెట్ ఎత్తి ఇంజిన్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉందంటే ఎందుకు వేడెక్కించారో అడగాలి. చల్లటి ఇంజిన్ ఒకటి రెండు సెల్ఫ్‌లకే అందుకోవాలి.

సైలెన్సర్ దగ్గర ఒకరిని నిలబెట్టండి. చల్లటి ఉదయం మొదట్లో కాస్త తెల్ల పొగ వచ్చి ఆగిపోతే భయపడక్కర్లేదు. వేడెక్కాక కూడా తెల్లగా వస్తూ, రేడియేటర్‌లో కూలెంట్ తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ హెడ్ కింద ఉండే సీలు) మీద అనుమానం. నీలం పొగ అంటే ఇంజిన్ ఆయిల్ తింటోంది. నల్ల పొగ అంటే ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయి ఉండాలి, లేదా డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు, గాలి నెట్టే టర్బో పనిచేయక కావచ్చు. మొదటిది చిన్న ఖర్చు, మిగతావి పెద్దవి. ఇప్పటి కామన్ రైల్ ఇంజిన్లలో నాలుగు ఇంజెక్టర్లూ మార్చాల్సి వస్తే ఆ దెబ్బకు ఇంకెవరి దగ్గరైనా అప్పు చేయాలి.

తరవాత బండి ఆన్‌లో ఉండగానే ఆయిల్ పోసే మూత తీయండి. అక్కడి నుంచి పొగ గుప్పుగుప్పుమని కొడితే దాన్నే మెకానిక్‌లు బ్యాక్ కంప్రెషన్ అంటారు. పిస్టన్ రింగులు అరిగి గ్యాస్ కిందకు దిగుతోందని అర్థం. ఇక బోర్ పని తప్పదు. మూత లోపల పాల మీగడలాంటి జిడ్డు ఉంటే ఆయిల్‌లో నీళ్ళు కలుస్తున్నాయేమో చూపించుకోండి.

బండి ఏ సంవత్సరానిదో కూడా ముఖ్యమే. 2020 ఏప్రిల్ 1 నుంచి అమ్మినవి బీఎస్-6 (పొగ కాలుష్యం మీద కొత్త నిబంధనల) బళ్ళు, అంతకుముందువి బీఎస్-4. పొగను శుభ్రం చేసే సామాను వీటిలో ఎక్కువ. డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టరు) ఉన్న బండి ఊళ్ళోనే నాలుగేసి కిలోమీటర్లు తిరుగుతూ ఉంటే అందులో మసి పేరుకుపోతుంది. వారానికోసారైనా హైవే మీద ఒకే వేగంతో అరగంట పోవాలి. కొన్నిటికి పొగను శుభ్రం చేసే డీఈఎఫ్ అనే ద్రవం కూడా పోయాలి. మీటర్ బోర్డులో ఇంజిన్ లైటు వెలుగుతుంటే "అది ఊరికే వస్తుంది" అన్న మాట వినకండి. స్కానర్ ఉన్న మెకానిక్‌తో కోడ్ చదివించండి. మీది చిన్న ఊరై, స్కానర్ పెట్టే మెకానిక్ 50 కిలోమీటర్ల దూరంలో ఉంటే, బాగా చూసుకున్న బీఎస్-4 బండే మీకు సుఖం.

ఖాళీ బండి నడిపి సంతోషపడకండి

ఖాళీగా ఏ పికప్ అయినా పరుగెత్తుతుంది. అమ్మే మనిషిని ఒప్పించి, ఒక టన్ను సిమెంటో దాణా బస్తాలో ఎక్కించి ఏదైనా ఎత్తు ఎక్కించండి. మా వైపైతే భాకరాపేట ఘాట్ ఉంది, మీ దగ్గర ఏ ఫ్లైఓవరైనా సరే. ఎక్కేటప్పుడు ఇంజిన్ అరుపు పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేట్ అయిపోయింది. దిగేటప్పుడు రెండో గేర్‌లో, మూడో గేర్‌లో యాక్సిలరేటర్ వదిలేయండి. గేర్ తనంతట తాను జారి న్యూట్రల్‌కు వస్తే గేర్‌బాక్స్ విప్పాల్సిందే. వెనక నుంచి ఊళలాంటి చప్పుడు వేగంతో పాటు పెరుగుతుంటే హౌసింగ్‌లో క్రౌన్ పినియన్ పళ్ళ చక్రాలు అరిగాయి. బ్రేక్ వేస్తే బండి ఒక పక్కకు లాగకూడదు.

టైర్లు, బ్యాటరీ ఎలాగూ మార్చుకునేవే. వాటిని ధర తగ్గించడానికి వాడుకోండి. టైరు ఒక పక్కే అరిగి ఉంటే మాత్రం ఎందుకో అడగండి.

డబ్బు ఇచ్చేముందు కాగితాలు

ఇంజిన్ వల్ల కన్నా ఎక్కువ మంది నష్టపోయేది ఇక్కడే. ఛాసిస్ మీద కొట్టిన నంబరును శుభ్రంగా తుడిచి, పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దండి. ఆ అచ్చును ఆర్‌సీతో అక్షరం అక్షరం పోల్చండి. ఆకురాయితో అరగదీసిన గుర్తులుంటే ఆ బండి వద్దు. బండి నంబరు పెట్టి ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్, పన్ను, చలాన్లు ఆన్‌లైన్‌లో మీరే చూసుకోండి, ఫొటోల్లో పంపిన కాగితాలు నమ్మకండి.

ఫిట్‌నెస్ 8 ఏళ్ళ లోపు బండికి రెండేళ్ళకోసారి, ఆ తరవాత ఏటా చేయించాలి. అమ్మకానికి వచ్చిన చాలా బళ్ళు ఫిట్‌నెస్ అయిపోయేముందే వస్తాయి, ఎందుకంటే దానికి పెట్టాల్సిన ఖర్చు ఓనర్‌కు తెలుసు. అందుకే "ఫిట్‌నెస్ చేయించి ఇవ్వండి, ఆ ఖర్చు ధరలో కలుపుకోండి" అని అడగండి. ఒప్పుకుంటే బండి మీద ఆయనకు నమ్మకం ఉన్నట్టే.

ఫైనాన్స్ ఉంటే కంతులు కట్టేశామన్న మాట చాలదు. ఫైనాన్స్ కంపెనీ ఇచ్చిన ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఆర్‌సీలో ఫైనాన్స్ పేరు తీసేయడానికి వాళ్ళు సంతకం పెట్టిన ఫారం 35 చేతికి రావాలి. పేరు మార్పుకు ఫారం 29, ఫారం 30. వేరే రాష్ట్రం బండి అయితే ఫారం 28 మీద అక్కడి రవాణా శాఖ ఇచ్చే ఎన్‌ఓసీ కూడా కావాలి. హైదరాబాద్‌లో కొని కర్నూలు తెచ్చుకునేవాళ్ళు ఇక్కడి పన్ను కూడా కట్టాలని ముందే లెక్కలో వేసుకోండి. ఫైనాన్స్ కంపెనీలు సీజ్ చేసిన బళ్ళు యార్డుల్లో చవకగా దొరుకుతాయి కానీ, నడిపి చూసే వీలు చాలాసార్లు ఉండదు. మీ వెంట మంచి మెకానిక్ లేకపోతే మొదటి బండి అక్కడ కొనవద్దు.

డబ్బంతా ఒకేసారి ఇవ్వకండి. కొంత మొత్తం ఆర్‌సీ మీ పేరు మీదకు మారాకే ఇస్తామని ఒప్పందం రాసుకోండి. పేరు మార్పు కోసం మీరు 30 రోజుల్లోగా దరఖాస్తు చేయాలి. మీరు అమ్మేవైపు ఉన్నా ఇది వదలకండి. రిజిస్ట్రేషన్‌లో పేరున్న మనిషే యాక్సిడెంట్ పరిహారానికి బాధ్యుడని సుప్రీంకోర్టు 2018లో స్పష్టంగా చెప్పింది. ఇన్సూరెన్స్‌ను 14 రోజుల్లోగా మీ పేరుకు మార్పించండి. థర్డ్ పార్టీ రక్షణ బండితో పాటే వస్తుంది కానీ, మీ బండికి తగిలిన దెబ్బకు క్లెయిమ్ రావాలంటే పాలసీ మీ పేరున ఉండాలి. పాత ఓనర్ నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు, కాబట్టి ప్రీమియం కాస్త పెరుగుతుంది.

ఒక మాట గట్టిగా చెబుతాను. చేతిలో 5 లక్షలు ఉంటే 4 లక్షల బండే చూడండి. మిగిలిన లక్ష మొదటి ఆరు నెలల్లో బండికి అవసరమవుతుంది.

ఇంటికి తెచ్చాక

పాత ఓనర్ "మొన్ననే మార్చాను" అన్నా సరే, ఇంజిన్ ఆయిల్, గేర్ ఆయిల్, హౌసింగ్ ఆయిల్, కూలెంట్, ఆయిల్ ఫిల్టర్, డీజిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్ అన్నీ ఒకేసారి మార్చేయండి. ఆ రోజు కిలోమీటర్లు రాసి పెట్టుకుంటే అక్కడి నుంచి లెక్క మీది. డీజిల్ ఫిల్టర్ కింద చేరే నీళ్ళను అప్పుడప్పుడూ వదిలేస్తూ ఉండండి, ఆ నీళ్ళే ఇంజెక్టర్లను పాడుచేస్తాయి. లోడుతో ఎత్తు ఎక్కి వచ్చాక వెంటనే ఇంజిన్ ఆపకండి. ఒక నిమిషం ఊరికే ఆడనిస్తే టర్బో చల్లబడుతుంది.

ఓవర్‌లోడ్ మీద నాకు చాలా బాధ ఉంది, ఎందుకంటే అది కూలి తగ్గించుకోవడానికి రైతులం మనమే చేస్తాం. ఇంకో పది క్రేట్లు వేస్తే ఒక ట్రిప్పు మిగులుతుందని అనిపిస్తుంది. కానీ 2019 సవరణ తరవాత చట్టంలో జరిమానా 20,000 రూపాయలు, ఎక్కువున్న ప్రతి టన్నుకూ ఇంకో 2,000. అది ఒక్కరోజు పోయే డబ్బు. పట్టీలు, బేరింగులు, బ్రేకులు మాత్రం రోజూ కొంచెం కొంచెంగా పోతుంటాయి. లోడు ఎక్కువై బ్రేక్ పట్టకపోతే ఆ రోడ్డు మీద ఉన్నది మన ఊరివాళ్ళే.

బండిలో ఒక నోటు పుస్తకం పెట్టండి. ట్యాంక్ నింపిన ప్రతిసారీ కిలోమీటర్లు, లీటర్లు రాయండి. రోజుకు 120 కిలోమీటర్లు తిరిగే బండి లీటరుకు 12 ఇస్తే 10 లీటర్లు పడుతుంది, 10 ఇస్తే 12 లీటర్లు. నెలకు 25 రోజులు తోలితే 50 లీటర్ల తేడా. లోడు మారకుండా మైలేజీ రెండు మూడు ట్యాంకులుగా తగ్గుతూ వస్తుంటే ఇంజెక్టరో, పట్టుకుపోతున్న బ్రేకో, గాలి తగ్గిన టైరో ఉంటుంది. మా రెండో బండికి వెనక చక్రం బ్రేక్ పట్టేస్తోందని ఆ పుస్తకం చూసే కనిపెట్టాం. లైనింగ్ మార్పించి, మరుసటి రోజు తెల్లవారి మార్కెట్‌కు వెళ్ళాం.