పొసగని జోడీ, పరాయి దేశం: ఇంటర్వెల్ దాటాక కథ ఎందుకు చతికిలబడుతుంది?

విజయనగరంలో మా వీధి కుర్రాళ్లిద్దరు రాసిన స్క్రిప్ట్ ఈ మధ్య నా చేతికొచ్చింది. శ్రీకాకుళం జిల్లా సోంపేట వైపు హెడ్ కానిస్టేబుల్ ఒకడు, విదేశీ ఉద్యోగాలిప్పిస్తానని డబ్బులు తీసుకునే ఏజెంటు ఒకడు. కంబోడియాలో చిక్కుకున్న మన పిల్లల్ని వెనక్కి తేవడానికి ఇద్దరూ కలిసి వెళ్తారు. ఇది గాల్లోంచి పుట్టిన కథ కాదు. డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మించి మనవాళ్లను అక్కడికి పంపి, సైబర్ మోసాలు చేయించిన సంగతి 2024లో విశాఖ పోలీసులు బయటపెట్టారు. అంత బలమున్న కథ సగం దాటాక నడవలేదు. అయ్యకోనేరు గట్టు మీద మూడు సాయంత్రాలు కూర్చుని ఎక్కడ పట్టేసిందో చూశాం. ఇలాంటి కథ రాస్తున్న వేరేవాళ్లకీ పనికొస్తుందని ఇక్కడ పెడుతున్నాను.

సమస్య: "వీళ్లిద్దరూ విడిపోవచ్చు కదా" అనిపిస్తోంది

మొదటి అరగంట నవ్వుకుంటూ చదివాను. ఆ తర్వాత ఈ ప్రశ్న వదల్లేదు. కారణం వెతికితే, ఇద్దర్నీ కలిపింది పైఅధికారి ఆర్డరు. ఆ ఆర్డరు విమానం దిగేవరకే పనిచేస్తుంది. తర్వాత వాళ్లను పట్టి ఉంచేది ఏదీ లేదు.

మన ఊరి నాటకమే చూడండి. 1892లో ఇక్కడే తొలిసారి ఆడిన కన్యాశుల్కంలో గిరీశం, వెంకటేశం ఎందుకు కలిసి బయల్దేరతారు? గిరీశానికి ఊళ్లో అప్పులు, ఎలాగైనా విజయనగరం వదలాలి. వెంకటేశం పరీక్ష తప్పాడు, ఒంటరిగా ఇంటికెళ్తే తండ్రి ఊరుకోడు. ఒకడికి తలదాచుకునే చోటు కావాలి, ఇంకొకడికి అండ కావాలి. ఎవరూ ఆర్డరు వెయ్యలేదు, అయినా విడిపోలేరు.

పరిష్కారం అదే. చిక్కుకున్నవాళ్లలో ఒకణ్ని హెడ్ కానిస్టేబుల్ మేనల్లుణ్ని చేశాం. ఆ ముఠాలో ఎవడి మొహం ఎలా ఉంటుందో ఏజెంటుకే తెలుసు. ఏజెంటు పాస్‌పోర్టు హెడ్ కానిస్టేబుల్ జేబులో ఉంది, పిల్లలు లేకుండా తిరిగొస్తే వాళ్ల తల్లులు ఏజెంటు గుమ్మం ముందు కూర్చుంటారు. ఇప్పుడు ప్రతి పది పేజీలకీ మార్జిన్‌లో ఒక ప్రశ్న రాయండి: ఇక్కడ విడిపోతే ఎవరికి ఏం పోతుంది? జవాబు దొరకని చోటే మీ కథ ఆగిపోయిన చోటు. వీళ్ల స్క్రిప్ట్‌లో అలాంటివి ఐదు కనిపించాయి, ఐదూ ఇంటర్వెల్ తర్వాతే.

సమస్య: ఎన్ని తగువులు పెట్టినా ఒకే తగువులా ఉంది

ఒకడు వాగుడుకాయ, ఒకడు ముభావి. తేడా మాటల్లోనే ఉంటే మూడో తగువుకల్లా సరుకు అయిపోతుంది. తేడా పని చేసే తీరులో ఉండాలి.

మన హెడ్ కానిస్టేబుల్ ఏళ్ల తరబడి స్టేషన్ రైటరుగా, అంటే రికార్డులు రాసేవాడిగా చేశాడనుకోండి. ఎక్కిన టుక్‌టుక్ నంబరు, దిగిన టైము, ఇచ్చిన డబ్బు, అన్నీ నోట్‌బుక్కులో ఎక్కిస్తాడు. ఏజెంటు బతుకంతా కాగితం మీద ఆనవాలు లేకుండా గడిచింది. గెస్ట్‌హౌస్ కౌంటరు దగ్గర హెడ్ కానిస్టేబుల్ అసలు పేరు రాస్తాడు, ఆ పేరు పట్టుకుని రాత్రికి ముఠా తలుపు కొడుతుంది. రెండు రోజుల తర్వాత అదే నోట్‌బుక్కులోని టుక్‌టుక్ నంబరు వాళ్లను దారిలో పెడుతుంది. ఒకసారి ఒకడి పద్ధతి ముంచాలి, ఇంకోసారి అదే పద్ధతి కాపాడాలి.

సమస్య: పరాయి దేశం పాటల లొకేషన్‌లా ఉంది

పరీక్ష తేలిక. సీన్లో కంబోడియా రాజధాని నాంపెన్ పేరు కొట్టేసి విశాఖ బీచ్ రోడ్డు అని రాయండి. సీను ఏమాత్రం మారకపోతే ఆ దేశం అక్కడ ఏ పనీ చెయ్యడం లేదు.

మా కుర్రాళ్ల స్క్రిప్ట్‌లో హెడ్ కానిస్టేబుల్ నాంపెన్ నడివీధిలో పిస్టల్ తీసి అరెస్టు చేస్తానంటాడు. మన పోలీసుకు దేశం దాటాక అరెస్టు చేసే అధికారం లేదు. ఇంటర్‌పోల్ ఉంది కదా అన్నారు. ఇంటర్‌పోల్ మనుషులు వచ్చి ఎవరికీ బేడీలు వెయ్యరు. అది దేశాల పోలీసుల మధ్య సమాచారం నడిపే సంస్థ, మన దేశం తరఫున ఆ పని చూసేది సీబీఐ. రెడ్ నోటీసు కూడా వారంటు కాదు, ఫలానావాణ్ని వెతికి పట్టుకోమని చేసే విన్నపం. దాన్ని ఎంతవరకు పాటించాలో ఆయా దేశాల చట్టం చెబుతుంది. అక్కడున్న నేరస్తుణ్ని మన కోర్టు ముందుకు తేవాలంటే ప్రభుత్వాల మధ్య అప్పగింత వ్యవహారం నడవాలి.

ఇవన్నీ కథకి అడ్డమని కుర్రాళ్లు తీసేశారు. నాకైతే అసలు కథ అక్కడే కనిపించింది. సొంతూళ్లో అందరూ లేచి నిలబడే మనిషి ఇక్కడ ఒట్టి టూరిస్టు. ఊళ్లో మొహం చాటేసుకు తిరిగే ఏజెంటుకు ఇక్కడ నాలుగు ముక్కలు భాష వచ్చు. ఎవడు ఎవడికి లొంగాలి అన్నది తలకిందులైంది. ఆ మార్పుని రెండు పేజీల్లో ముగించకండి, సెకండాఫ్ అంతా దాని మీదే నడుస్తుంది.

చిన్న విషయాల్ని కూడా వాడుకోండి. అక్కడ బండ్లు కుడివైపు నడుస్తాయి. మన అలవాటు కొద్దీ కుడికి చూసి అడుగేస్తే ఎడమనుంచి బండి మీదికొస్తుంది. అక్కడి కరెన్సీ రియెల్ నోట్లతో పాటు అమెరికా డాలర్లూ చెల్లుతాయి, చిల్లర లెక్కలో హెడ్ కానిస్టేబుల్ నోట్‌బుక్కు తికమకపడుతుంది. వాళ్ల భాష ఖ్మేర్, దాని లిపి మన దక్షిణాది పల్లవ లిపి నుంచి వచ్చింది. బోర్డు ముందు నిలబడితే తెలిసిన అక్షరాల్లాగే ఉంటాయి, ఒక్క ముక్కా చదవలేడు. గడియారం మనకంటే గంటన్నర ముందు. ముఠావాడు ఊళ్లో హెడ్ కానిస్టేబుల్ చెల్లెలికి ఫోన్ చేసి "రాత్రి పన్నెండులోగా డబ్బు పడాలి" అంటే, అది ఏ దేశపు పన్నెండు? అక్కడి పన్నెండు మనకు పదిన్నర. ఆమె మన పన్నెండు అనుకుంటే ఆ గంటన్నరలోనే బోలెడు టెన్షన్ ఉంది, దానికి ఒక్క బాంబూ అక్కర్లేదు.

ఇంకొకటి, ఆ దేశస్థులంటే డ్రైవరో విలనో మాత్రమే అయితే బాగోదు. గెస్ట్‌హౌస్ నడిపే ఆవిడకు కూడా ఒక ఇల్లు, ఒక భయం ఉంటాయి. వీళ్లను దాచితే ఆవిడకేం నష్టమో రాయండి.

సమస్య: ఫైట్లు పొడుగ్గా ఉన్నాయి, గుర్తుండటం లేదు

దెబ్బ తగిలినవాడు తర్వాతి సీన్లో మామూలుగా నడుస్తున్నాడు. భుజం విరిగితే క్లైమాక్స్ దాకా విరిగే ఉండాలి. ఫైట్లు మూడు చాలు.

సమస్య: శ్రీకాకుళం యాస నవ్వులకే పనికొస్తోంది

దీని దగ్గర నాకు మనసు కష్టమైంది. మన కుర్రాళ్లే రాస్తూ, కామెడీ సీన్లలో హెడ్ కానిస్టేబుల్ చేత యాస పలికించి, సీరియస్ సీన్ రాగానే పుస్తకాల తెలుగులోకి మార్చేశారు. యాస అంటే వెటకారమన్న అలవాటు సినిమాల నుంచి మనకూ అంటుకుంది. సరిచెయ్యడానికి ఒకటే దారి: అతను ఏడ్చినప్పుడు కూడా అదే భాష. "ఏటి బావూ, ఆ గుంటడు ఎక్కడున్నాడో సెప్పు, నీకు దండమెడతాను" అని ఏజెంటు ముందు వంగినప్పుడు హాల్లో ఎవరూ నవ్వకూడదు. నవ్వు వస్తే ముందు సీన్లు మళ్లీ రాయండి.

సమస్య: చివర్లో ఉన్నట్టుండి దోస్తులైపోతున్నారు

ఒకరి ప్రాణం ఒకరు కాపాడటం సరిపోదు, అది ఎవరైనా చేస్తారు. ఇద్దరూ తమ పద్ధతిని తామే తప్పాలి. మేం అనుకున్నది ఇది. ఆ పిల్లలు నేరస్తులు కారు, మోసపోయినవాళ్లు అని తేలడానికి ఎవరో ఒకరు వాంగ్మూలం ఇవ్వాలి. బతుకంతా కాగితానికి దూరంగా ఉన్న ఏజెంటు తను తీసుకున్న డబ్బు లెక్క తన చేత్తోనే రాసి సంతకం పెడతాడు. ప్రతిదానికీ రసీదు అడిగే హెడ్ కానిస్టేబుల్ అతని పాస్‌పోర్టు తీసి, నోట్‌బుక్కులో ఏమీ రాసుకోకుండా చేతిలో పెడతాడు.

కుర్రాళ్లు ఆ రెండు సీన్లూ రాసేశారు. ప్రస్తుతం 88వ పేజీ దగ్గర ఆగారు, అక్కడ విడిపోతే ఎవరికి ఏం పోతుందో ఇంకా తేలలేదు.