ఫ్రేజల్ వెర్బ్‌లో ‘ఇట్’ ఎక్కడ పెట్టాలి?

పర్లాకిమిడిలో మా ఇంటి వరండాలోనే పదిహేనేళ్లుగా స్పోకెన్ ఇంగ్లిష్ చెబుతున్నాను. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా మాట్లాడే పిల్లలు వస్తారు. పక్కనే ఉన్న పాతపట్నం నుంచి కూడా వస్తారు. గ్రామర్‌లో మంచి మార్కులు తెచ్చుకున్నవాళ్లు కూడా ‘స్విచ్ ఆఫ్ ఇట్’ అంటుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

నోట్‌బుక్కు, పెన్సిలు ఉంటే చాలు. యాప్ అక్కర్లేదు. రోజుకు ఐదు ఫ్రేజల్ వెర్బులు, అంటే వెర్బ్ వెనక ‘ఆఫ్’, ‘అప్’ లాంటి చిన్న మాట తోకగా వచ్చేవి తీసుకుని, ఒక్కొక్కదానితో మీ ఇంటి సంగతే ఒక వాక్యంగా రాయండి.

అర్థాల పట్టిక మాత్రం రాయొద్దు. ‘పుట్ ఆఫ్ అంటే వాయిదా వేయడం’ అని బట్టీపట్టినవాళ్లకు అర్థం వస్తుంది కానీ వాక్యం రాదు. మన మాటలే చూడండి: తీసుకో, తీసేయ్, తీసుకెళ్లు. తోక మారితే పని మారిపోయింది. ఇవి మనం పట్టిక చూసి నేర్చుకోలేదు, అమ్మ చెబుతుంటే విని నేర్చుకున్నాం. టేక్, టేక్ ఆఫ్, టేక్ అవే కూడా అలాగే రావాలి.

ఇక అందరూ తప్పు చేసేది ఇక్కడే, నిదానంగా చదవండి. రాసిన వాక్యంలో వస్తువు పేరు కొట్టేసి ‘ఇట్’ పెట్టండి. ‘టర్న్ ఆఫ్ ద ఫ్యాన్’, ‘టర్న్ ద ఫ్యాన్ ఆఫ్’ రెండూ సరైనవే. ‘ఇట్’ వచ్చిందంటే మాత్రం ఒకటే దారి: ‘టర్న్ ఇట్ ఆఫ్’. హిమ్, హర్, దెమ్, మీ అన్నీ ఇలాగే మధ్యలోకి వస్తాయి.

అలాగని అన్నిచోట్లా మధ్యలో దూర్చేయకండి. తాళంచెవి వెతికితే ‘లుక్ ఫర్ ఇట్’, డిక్షనరీలో మాట వెతికితే ‘లుక్ ఇట్ అప్’. మొదటిదాంట్లో ‘ఫర్’ ప్రిపొజిషన్, దాన్ని పట్టుకుని ‘ఇట్’ ఉండాల్సిందే. మనకు ‘బల్ల మీద’, ఒడియాలో ‘టేబుల్ ఉపరే’: రెంటిలోనూ ఆ చిన్న మాట వెనకే వస్తుంది. ఇంగ్లిష్‌లో ముందుకొస్తుంది కాబట్టి మన పిల్లలకు అది ఎవరి మనిషో, వెర్బ్ మనిషో నౌన్ మనిషో, తేలదు.

తేల్చడానికి నౌన్‌ని జరిపి చూడండి. ‘లుక్ ద కీ ఫర్’ అని ఎవరూ అనరు, కాబట్టి అది విడదు. ఎట్, ఫర్, విత్, ఇన్‌టు, ఆఫ్టర్ వస్తే ‘ఇట్’ చివరే: ‘లుక్ ఆఫ్టర్ ఇట్’, ‘లుక్ ఇన్‌టు ఇట్’. అవే, బ్యాక్ వస్తే మధ్యలో: ‘గివ్ ఇట్ బ్యాక్’. ‘ఓవర్’ దగ్గర చాలా జాగ్రత్త. ‘థింక్ ఇట్ ఓవర్’ అంటాం, కానీ ‘గెట్ ఓవర్ ఇట్’ అంటాం. అందుకే ఇలాంటి చోట చిన్న మాట ఒక్కటే చూసి తీర్పు చెప్పొద్దు. ఏ ఫ్రేజల్ వెర్బ్ నేర్చుకున్నా ‘ఇట్’తో కలిపే నేర్చుకోండి.

తర్వాత మూడు మాటలవి. ‘ద రైస్ రాన్ అవుట్’ అంటే బియ్యం అయిపోయింది. మనం ముందుకొస్తే ‘వి రాన్ అవుట్ ఆఫ్ రైస్’, అప్పుడు ‘ఆఫ్’ (of, off కాదు) వచ్చి తీరాలి. ఇవి విడిపోవు: ‘పుట్ అప్ విత్ ఇట్’, ‘కీప్ అప్ విత్ ఇట్’. వీటి జోరులో ‘కోప్ అప్ విత్’ అనేస్తారు, అందులో ‘అప్’ తీసేయండి, ‘కోప్ విత్’ చాలు. ‘లుక్ ఫార్వర్డ్ టు’ తర్వాత ‘మీట్’ కాదు, ‘మీటింగ్’. అక్కడ ‘టు’ ప్రిపొజిషన్. ఉద్యోగం దరఖాస్తుల్లో నేను ఎక్కువసార్లు దిద్దిన తప్పు ఇదే.

గుణుపురం రైలెక్కితే ‘గెట్ ఆన్ ద ట్రైన్’, దిగితే ‘గెట్ ఆఫ్’ (off). ఆటో అయితే ‘గెట్ ఇన్‌టు’, ‘గెట్ అవుట్ ఆఫ్’ (of). లోపల నిలబడి నడవగలిగే బండికి ఆన్, ఆఫ్ అని గుర్తుపెట్టుకోండి.

రాత్రి పడుకునే ముందు నోట్‌బుక్కులో నౌన్‌ని వేలితో మూసి, ‘ఇట్’ పెట్టి పైకి చదవండి. తడబడిన వాక్యం పక్కన చుక్క పెట్టి, మర్నాడు దాంతోనే మొదలుపెట్టండి.