ఇల్లు ఎవరిది, ఎలాంటిది: ఆదాయం, పేదరికం లెక్కల్ని ఇంటి వారీగా పోల్చే పద్ధతి

సొంతింట్లో ఉన్నవాళ్లు కలిగినవాళ్లు, అద్దెకున్నవాళ్లు లేనివాళ్లు. సర్వే డేటా చేతికి రాగానే చాలామంది రెండు గళ్ల పట్టిక వేసి, అనుకున్నదే వచ్చిందని ఫైలు మూసేస్తారు. అంకెలు తప్పు కాకపోవచ్చు. కానీ ఇంటి ఖర్చు తీయకుండా చూస్తే ఒక జవాబు, తీసేసి చూస్తే ఇంకొకటి, వయసు సర్దితే మూడోది వస్తాయి. ఈ మూడూ వేశాకే నోరు విప్పడం మంచిది. కుటుంబ ఆదాయ సర్వే డేటాతో పాటు ఒక స్ప్రెడ్‌షీటో, ఆర్, స్టాటా లాంటి గణాంక ప్యాకేజీయో ఉంటే కింది పని మొత్తం చేసుకోవచ్చు.

ముందు గళ్లు సరిగ్గా గీయండి

సొంతం, అద్దె అని రెండే గళ్లు చాలవు. కనీసం ఐదు కావాలి: లోను లేని సొంతిల్లు, లోను నడుస్తున్న సొంతిల్లు, మార్కెట్ అద్దె, తగ్గింపు అద్దె, అద్దె లేకుండా ఉండటం. ఐరోపా దేశాల ఆదాయ సర్వే ఈయూ-సిల్క్ విభజన కూడా ఇదే.

లోను ఉన్నవాళ్లనీ లేనివాళ్లనీ ఒకే గాటన కట్టడం అన్నిటికన్నా ఎక్కువగా జరిగే పొరపాటు. లోను నడుస్తున్న ఇంట్లో ఉండేది ఎక్కువగా ఉద్యోగాల్లో ఉన్న వయసువాళ్లు, తరచూ రెండు జీతాల వాళ్లు. ఆదాయం చూడకుండా బ్యాంకు అప్పివ్వదు కదా, అంటే ఆ గడిలోకి వచ్చినవాళ్లు అప్పటికే ఒక జల్లెడ దాటి వచ్చారు. లోను తీరిపోయిన ఇళ్లలో రిటైరైనవాళ్లు ఎక్కువ. వాళ్ల చేతికొచ్చే డబ్బు తక్కువ, నెత్తిన ఉన్న ఖర్చూ తక్కువే. ఈ ఇద్దరినీ కలిపి సగటు తీస్తే ఇద్దరిలో ఎవరికీ సరిపోని అంకె వస్తుంది.

అద్దె లేకుండా ఉండేవాళ్లది కలగూరగంప. కంపెనీ క్వార్టర్స్‌లో ఉండే ఇంజనీరు, కాపలా పనికి ఇచ్చిన గదిలో ఉండే మనిషి, బంధువుల ఇంట్లో తలదాచుకున్న కుటుంబం, ముగ్గురూ అందులోనే పడతారు. అద్దె కట్టడం లేదు కదా అని వాళ్లను సొంతిళ్లవాళ్లలో కలిపేయకండి. విడిగా ఉంచండి, సంఖ్య మరీ తక్కువైతే పట్టికలోంచి తీసి కింద ఆ మాట రాయండి.

ఇంటి రకానికి విడి ఇల్లు, పక్కింటితో గోడ కలిసిన ఇల్లు, పది ఫ్లాట్ల లోపు భవనం, పది అంతకు మించి ఫ్లాట్లున్న భవనం, తాత్కాలిక కట్టడాలు అన్న విభజన సరిపోతుంది. మొబైల్ హోముల (ఒకచోటి నుంచి ఇంకోచోటికి తరలించగల ఇళ్లు) దగ్గర మాత్రం ఆగి చూడాలి. అక్కడ ఇల్లు సొంతమై ఉండి, కింద ఉన్న స్థలం అద్దెది కావచ్చు. సొంతం అని నమోదై ఉంటుంది, స్థలం అద్దె మాత్రం ప్రతి నెలా పోతుంటుంది. ఇంటి ఖర్చులో అది పడిందో లేదో ప్రశ్నావళి తెరిచి చూసుకోండి.

ఇల్లు సొంతమన్నంత మాత్రాన అందులో ఉండే అందరిదీ కాదు. సంపాదిస్తూ తల్లిదండ్రుల దగ్గరే ఉంటున్న పాతికేళ్ల కొడుకు కూడా డేటాలో సొంతింటి మనిషే. ఇక హాస్టళ్లు, వృద్ధాశ్రమాలు, వీధుల్లో బతికేవాళ్లు సాధారణంగా కుటుంబ సర్వేల్లోకి రారు. కాబట్టి అడుగున ఉన్నవాళ్ల లెక్క ఎప్పుడూ కొంత తక్కువగానే ఉంటుంది.

ఆదాయాన్ని పోల్చదగినదిగా మార్చడం

తీసుకోవలసింది ఖర్చుకు మిగిలే ఆదాయం: జీతం, సొంత పని రాబడి, వడ్డీలు, అద్దెలు, పెన్షన్లు, ప్రభుత్వ సాయం కలిపి, అందులోంచి ప్రత్యక్ష పన్నులు, ఇతర కుటుంబాలకు క్రమంగా పంపే డబ్బు తీసేయాలి. కుటుంబ ఆదాయ లెక్కల మీద అంతర్జాతీయ నిపుణులు రాసిన, 2011లో రెండో కూర్పుగా వచ్చిన కాన్‌బెరా గ్రూప్ హ్యాండ్‌బుక్‌లో ఏది కలపాలో, ఏది కలపకూడదో వివరంగా ఉంది.

తర్వాత కుటుంబం సైజు సర్దాలి. ఇంట్లో ఎవరి అవసరానికి ఎంత బరువు ఇవ్వాలో చెప్పే కొలత పేరు స్కేలు. ఓఈసీడీ అనే అంతర్జాతీయ ఆర్థిక సంస్థ పేరుతో ఉన్న సవరించిన స్కేలు ప్రకారం మొదటి పెద్దమనిషికి 1, పద్నాలుగేళ్లు, ఆపైన ఉన్న ప్రతి ఒక్కరికీ 0.5, అంతకన్నా చిన్నపిల్లలకు తలా 0.3. భార్యాభర్తలు, ఇద్దరు చిన్నపిల్లలు ఉంటే 2.1. నెల ఆదాయం 42,000 అయితే 2.1తో భాగిస్తే 20,000. ఈ అంకెనే ఇంట్లో నలుగురికీ ఇవ్వాలి, తలా నాలుగో వంతు కాదు.

వెయిట్ల (సర్వేలోని ఒక్కో కుటుంబం జనాభాలో ఎన్ని కుటుంబాలకు ప్రతినిధో చెప్పే అంకెలు) దగ్గర ఒక చిన్న మెలిక ఉంది. పేదరికం మనుషుల లెక్క, ఇళ్ల లెక్క కాదు. కుటుంబ వెయిట్‌ను సభ్యుల సంఖ్యతో గుణించి వాడాలి. అలా చేయకపోతే ఒంటరి వృద్ధురాలికీ ఏడుగురున్న కుటుంబానికీ ఒకే బరువు పడుతుంది. సొంతిళ్లలో ఒంటరి వృద్ధులు ఎక్కువుంటే ఆ గడి రేటు ఊరికే మారిపోతుంది.

ఈయూ-సిల్క్ లాంటి సర్వేల్లో ఆదాయం చాలాచోట్ల నిరుటిది, ఇంటి వివరం మాత్రం ఇంటర్వ్యూ రోజుది. మధ్యలో ఉద్యోగం పోయి ఇల్లు మారినవాళ్లు పాత జీతంతో కొత్త గడిలో కనిపిస్తారు.

ఇంటి ఖర్చు: అసలు కథ ఇక్కడే

బ్రిటన్ అధికారిక లెక్కలు ప్రతి ఏడాదీ రెండు రేట్లూ పక్కపక్కనే ఇస్తాయి, ఇంటి ఖర్చు తీయకముందు ఒకటి, తీశాక ఒకటి. ఎక్కడి డేటాతో పనిచేసినా అనుసరించదగ్గ అలవాటు ఇది. ఇక్కడ పేదరిక రేఖ అంటే మధ్యగత ఆదాయంలో 60 శాతం. అందరినీ ఆదాయం వరసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉన్న మనిషి ఆదాయమే మధ్యగతం. తీశాక చూసేటప్పుడు రేఖను కూడా కొత్తగా లెక్కగట్టాలి, మధ్యగత ఆదాయం మారింది కాబట్టి. పాత రేఖనే ఉంచి ఖర్చు తీసిన ఆదాయాన్ని దానితో పోలిస్తే సగం ఊరు పేదలైపోతుంది.

మూడు కుటుంబాలు తీసుకుందాం. ఖర్చు తీయకముందు మధ్యగతం 20,000, అందులో 60 శాతం 12,000 రేఖ. తీశాక మధ్యగతం 16,000, రేఖ 9,600 అనుకోండి.

మొదటిది లోను లేని సొంతింట్లో వృద్ధ దంపతులు. ఆదాయం 16,500, స్కేలు 1.5, అంటే 11,000. రేఖకు దిగువనే ఉన్నారు. ఇంటి ఖర్చు 1,500 తీస్తే 15,000, భాగిస్తే 10,000. ఇప్పుడు రేఖ దాటారు.

రెండోది మార్కెట్ అద్దెలో ఇద్దరు పిల్లల కుటుంబం. ఆదాయం 29,400, స్కేలు 2.1, అంటే 14,000. పేదలు కారు. అద్దె 12,600 తీస్తే 16,800, భాగిస్తే 8,000. ఇప్పుడు పేదలు.

మూడోది లోను కడుతున్న దంపతులు, ఒక చిన్నపిల్ల. ఆదాయం 25,200, స్కేలు 1.8, అంటే 14,000. నెల వాయిదా 9,900, అందులో వడ్డీ 7,200, అసలు 2,700. వడ్డీ మాత్రమే తీస్తే 10,000 వస్తుంది, రేఖకు పైనే. వాయిదా మొత్తం తీస్తే 8,500, కిందికి పడిపోయారు.

అసలును ఖర్చుగా చూడాలా, పొదుపుగా చూడాలా అన్నదే తగవు. బ్రిటన్ లెక్కలో వడ్డీని తీస్తారు, అసలును తీయరు, ఎందుకంటే అది ఇంటి రూపంలో ఆస్తిగా మిగులుతుంది. ఈ నెల చేతిలో ఎంత మిగిలింది అన్నదే మీ ప్రశ్న అయితే మొత్తం వాయిదా తీయడమూ సమంజసమే. ఏది చేసినా ఫర్వాలేదు, ఏం చేశారో రాయండి. ఒక్కమాట: పై ఉదాహరణలో తేలిక కోసం రెండుసార్లూ ఒకే స్కేలు వాడాం. బ్రిటన్‌లో ఖర్చు తీశాక వేరే స్కేలు వాడతారు.

అద్దె సాయం అందుకునే కుటుంబాల దగ్గరే లెక్కలు ఎక్కువగా తప్పుతాయి. సాయం కాకుండా ఆదాయం 20,000, అద్దె 10,000, అద్దె సాయం 4,000 అనుకోండి. సాయాన్ని ఆదాయంలో కలిపితే పూర్తి అద్దె తీయాలి: 24,000లోంచి 10,000 పోగా 14,000. కలపకపోతే కుటుంబం జేబులోంచి పోయిన అద్దె మాత్రమే తీయాలి: 20,000లోంచి 6,000 పోగా మళ్లీ 14,000. సాయాన్ని ఆదాయంలోనూ కలిపి, అద్దెలోనూ తగ్గిస్తే 18,000 వస్తుంది. రెండుచోట్లా వదిలేస్తే 10,000. తగ్గింపు అద్దె గడిలో రేటు వింతగా కనిపిస్తే ముందు ఇక్కడ వెతకండి.

భారం ఎంతుందో విడిగా చూపాలంటే ఐరోపా యూనియన్ గణాంక సంస్థ యూరోస్టాట్ కొలత ఒకటి ఉంది. సాయం పోగా ఇంటి ఖర్చు, సాయం పోగా ఉన్న ఆదాయంలో 40 శాతం దాటితే అధిక భారం కింద లెక్క. బాగా సంపాదించేవాళ్లు ఇష్టపడి ఖరీదైన ఇంట్లో ఉన్నా ఆ గీత దాటుతారు. అందుకే దీన్ని పేదరిక రేఖతో కలిపి చూడాలి.

ఇంకో దారి: లెక్కగట్టిన అద్దె కలపడం

ఖర్చు తీసే బదులు, సొంతింటి వల్ల మిగిలే అద్దెను ఆదాయానికి కలపవచ్చు. అదే సైజు, అదే ప్రాంతం, అవే సదుపాయాలున్న అద్దె ఇళ్ల డేటా నుంచి ఈ ఇంటికి ఎంత పలుకుతుందో అంచనా వేసి, అందులోంచి వడ్డీ, మరమ్మతులు, ఇంటి పన్ను తీసేసి మిగిలింది కలపాలి. తగ్గింపు అద్దెలో ఉన్నవాళ్లకు మార్కెట్ అద్దెకూ వాళ్లు కట్టేదానికీ మధ్య తేడా కలపాలి. సొంతిళ్లవాళ్లకు కలిపి వీళ్లను వదిలేయడం అన్యాయం. ఇక్కడా మధ్యగతాన్ని మళ్లీ తీయాల్సిందే.

అద్దె ఇళ్లు మరీ తక్కువున్న ప్రాంతంలో ఈ పద్ధతి పనిచేయదు. గ్రామంలో నాలుగు అద్దె ఇళ్లుంటే వాటిని పట్టుకుని నాలుగొందల సొంతిళ్లకు అద్దె కట్టడం చీకట్లో రాయి విసరడమే. పైగా లెక్కగట్టిన అద్దెతో కిరాణా కొనలేం. పెద్దింట్లో ఒంటరిగా ఉన్న వృద్ధురాలు కాగితం మీద పేదరికం దాటినా ఆమె పర్సులో మార్పేమీ ఉండదు.

అమెరికాది మూడో పద్ధతి. ప్రభుత్వ ఆర్థికవేత్త మాలీ ఒర్షాన్‌స్కీ 1960లలో తయారుచేసిన అధికారిక రేఖ ఇల్లు ఎవరిదన్నది పట్టించుకోదు. 2011 నుంచి ప్రచురిస్తున్న అనుబంధ పేదరిక కొలత మాత్రం లోనున్న సొంతిళ్లకు, లోను లేని సొంతిళ్లకు, అద్దెదారులకు మూడు వేర్వేరు రేఖలు వాడుతుంది. అంటే ఆదాయాన్ని కాకుండా గీతనే జరుపుతారు.

పట్టిక చదవడం

వెయ్యి మందిలో 650 మంది సొంతిళ్లలో, 350 మంది అద్దె ఇళ్లలో ఉన్నారనుకోండి. పేదరికం సొంతిళ్లలో 10 శాతం, అద్దె ఇళ్లలో 20 శాతం. అద్దెదారుల రేటు రెట్టింపు, నిజమే. కానీ తలలు లెక్కపెడితే పేదలు సొంతిళ్లలో 65 మంది, అద్దె ఇళ్లలో 70 మంది. పేదల్లో దాదాపు సగం మంది సొంతింట్లోనే ఉన్నారు. సాయాన్ని అద్దెదారులకు మాత్రమే ఇస్తే ఆ సగం మంది బయటే ఉంటారు. కాబట్టి రెండు శాతాలూ వేయండి: గడిలో ఎంతమంది పేదలు, పేదల్లో ఎంతమంది ఆ గడిలో.

ఆ తర్వాత వయసు. కుటుంబ పెద్ద వయసు 65 లోపు ఉంటే పేదరికం సొంతిళ్లలో 8, అద్దె ఇళ్లలో 18 శాతం, 65 దాటితే 18, 30 శాతం అనుకోండి. సొంతిళ్లలో సగం మంది, అద్దె ఇళ్లలో పదో వంతు వృద్ధుల కుటుంబాలవాళ్లు. మొత్తం రేట్లు 13, 19.2 వస్తాయి, తేడా 6.2. రెండు చోట్లా వృద్ధుల వాటా 30 శాతమే అని సర్ది చూస్తే 11, 21.6. తేడా 10.6కు పెరిగింది. సొంతిళ్లలో వృద్ధులు ఎక్కువుండటం అసలు తేడాను సగానికి దగ్గరగా దాచేసింది.

ఇంటి రకంలో ఇదే పని ప్రాంతం చేస్తుంది. విడి ఇళ్లు పల్లెల్లో ఎక్కువ, ఫ్లాట్లు నగరాల్లో ఎక్కువ. విడి ఇళ్లలో పేదరికం ఎక్కువని తేలితే అది ఇంటి గుణమా, పల్లె ఆదాయాల గుణమా? పట్టణం, పల్లె విడగొట్టి, ఆ లోపల ఇల్లు ఎవరిదో విడగొట్టి, అప్పుడు రకం చూడండి. ఇలా ముక్కలు చేసుకుంటూ పోతే శాంపిల్ అరిగిపోతుంది. వంద మంది ఉన్న గడిలో 20 శాతం రేటుకు 95 శాతం హద్దులు (అసలు రేటు ఉండే అవకాశమున్న పరిధి) అటూ ఇటూ 8 పాయింట్లు. ఇళ్లను విడివిడిగా కాక గుంపులుగా ఎంచుకునే క్లస్టర్ శాంపిల్ వల్ల అనిశ్చితి పెరుగుతుంది, ఆ పెరుగుదలను కొలిచే డిజైన్ ఎఫెక్ట్ 1.5 ఉంటే దాదాపు 10. అంటే పది నుంచి ముప్పై వరకు ఏదైనా కావచ్చు. యూరోస్టాట్ 20 లోపు శాంపిల్ కేసుల మీద నిలిచిన అంకెను ప్రచురించదు, 20 నుంచి 49 ఉంటే గుర్తు పెడుతుంది. ఆ నియమమే పెట్టుకోండి.

దేశాల మధ్య పోలిస్తే లెక్క తలకిందులవుతుంది. రొమేనియాలో 90 శాతానికి పైగా జనం సొంతిళ్లలోనే ఉంటారు, ఐరోపా యూనియన్‌లో పేదరిక ముప్పు ఎక్కువున్న దేశాల్లో అదొకటి. స్విట్జర్లాండ్‌లో సగానికి పైగా అద్దెలోనే ఉంటారు. 1989 తర్వాత తూర్పు ఐరోపాలో ప్రభుత్వ ఫ్లాట్లను అందులో ఉంటున్నవాళ్లకే చవగ్గా అమ్మేశారు. దాంతో ఆదాయం లేనివాళ్లకూ ఇల్లు దక్కింది, దాన్ని వెచ్చగా ఉంచుకునే స్తోమత మాత్రం అందరికీ రాలేదు. ఒక దేశం లోపల పనికొచ్చే సూత్రాన్ని దేశాల పట్టికకు తగిలించకండి.

పట్టిక పూర్తయ్యాక దాని కిందే ఇవి రాయండి: ఖర్చు తీయకముందో తీశాకో, అసలు వాయిదాను ఏం చేశారో, అద్దె సాయం ఎటు పడిందో, ఏ స్కేలు వాడారో, వెయిట్లు మనుషులవో కుటుంబాలవో, ప్రతి గడిలో వెయిట్ లేని శాంపిల్ సంఖ్య ఎంతో. రేట్ల పక్కనే మధ్యగత ఆదాయం, పేదరికపు లోతు (ఆదాయం రేఖకు ఎంత శాతం కింద ఉందో) కూడా పెట్టండి. రేఖ 12,000 అయితే 11,700 ఉన్నవాళ్లూ 7,000 ఉన్నవాళ్లూ రేటులో ఒకటే, లోతు కొలిస్తే మొదటిది 2.5 శాతం, రెండోది దాదాపు 42.